మూడు తూములు

“ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఈ రెండు షీట్లూ ట్రేస్ చేసి పెట్టు” అని ఓబదయ్య అన్నది తొంభై ఒకటి ఫిబ్రవరిలో, కృపామణి పులుసుకి చింతపండు పిసుకుతున్నప్పుడు. సౌదీలో, దమ్మాంలో గల్ఫ్ యుద్ధపు సైరన్లు మోగుతున్న రోజులవి. కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించుకుని, గ్యాస్ మాస్కులు గుమ్మం పక్కన మేకుకు తగిలించుకుని బతుకుతున్నారు. ఓబదయ్య సర్వేయరుగా ఉన్న కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగులు గీసేవాళ్లు నలుగురూ యుద్ధానికి భయపడి వాళ్ల వాళ్ల దేశాలకు వెళ్లిపోయారు. అక్కడ ప్లాన్ల గడువు ముంచుకొస్తోంది. దమ్మాం నుంచి రియాద్ వెళ్లే పెద్ద రైలు లైనును హుఫూఫ్ ఊరు దాటాక చీల్చి, అక్కణ్ణించి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో కట్టబోయే సిమెంటు ఫ్యాక్టరీ దాకా ఒక బ్రాంచి లైను వెయ్యాలి. ఓబదయ్యకు నేల కొలవడం వచ్చు. కొలిచింది గీయడం రాదు.

కృపామణికి వచ్చు. పెళ్లికి ముందు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో మూడేళ్లు ట్రేసరుగా పనిచేసింది. కాలవలు, లాకులు, తూములు గీసిన చెయ్యి అది. పెళ్లిచూపుల్లో ఆ సంగతి విని “నా పెళ్లాం ఉద్యోగం చెయ్యాల్సిన కర్మేంటండీ” అని ఓబదయ్య నవ్వితే, ఆ మాటలో ప్రేముందని ఇంట్లోవాళ్లంతా మురిసిపోయారు. ఆమె కూడా మురిసింది. రాజీనామా రాసిచ్చి వచ్చింది. ఇక్కడికొచ్చాక చేతికిచ్చిన ఇకామాలో, అంటే దేశంలో ఉండనిచ్చే అనుమతి కార్డులో, గృహిణి అనీ, పని చేయడానికి వీల్లేదనీ రాసుంది. పని చేయడానికి వీల్లేని ఆ ఆడమనిషి పొద్దున్నే లేచి టిఫిను, డబ్బా, బట్టలు, గిన్నెలు, నేల అన్నీ ముగించి, అన్నం తినే బల్లను రెండుసార్లు తుడిచి, దాని మీద రైలు మార్గం పరవడం మొదలుపెట్టింది.

రెండు షీట్లు ఇరవై అయ్యాయి. యుద్ధం ముగిసింది. కువైట్‌లో మండుతున్న బావుల పొగ గాలివాటున దిగొచ్చి ఆకాశాన్ని మసి చేసింది. కిటికీ సందుల్లోంచి ఆ మసి లోపలికొచ్చి ట్రేసింగు షీటు మీద వాలేది. గంటకోసారి మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ ఆమె గీసింది. ఎక్కడ కట్ట ఎత్తాలి, ఎక్కడ గట్టు కోయాలి, ఎక్కడ మలుపు తిప్పితే బరువు బండి ఆయాసపడకుండా ఎక్కుతుంది, అంతా ఆమె వేళ్లకింద తేలుతూ వచ్చింది. ఒక్కోసారి అన్నం అడుగంటేది. అది మాత్రం ఓబదయ్యకు వాసనతోనే తెలిసిపోయేది. “రోజంతా ఇంట్లోనే ఉంటావ్, పొయ్యి మీద గిన్నె చూసుకోలేవా” అనేవాడు. చేత్తో షీటు చుట్టుకుంటూనే అనేవాడు. షీటు కింది మూల ‘గీసినవారు’ అన్న చోట తన పొట్టి సంతకం పెట్టుకునేవాడు. వెళ్లిపోయిన నలుగురూ తిరిగి రాలేదు. కంపెనీ వాళ్లను పిలవనూ లేదు. ఒక్కడే నలుగురి పనీ చేస్తున్నాడని మేనేజరు మెచ్చుకుని ఓబదయ్యను డ్రాయింగు ఆఫీసుకి పెద్దను చేశాడు. అత్తగారు పెదపట్నం నుంచి ఉత్తరం రాయించింది: మావాడు ఎడారిలో రైలుబండి నడిపిస్తున్నాడంట, నీకేంటమ్మా, ఏసీలో కాలు మీద కాలేసుకుని ఉంటావు, వాడికి వేళకింత వండిపెట్టు.

సర్వేలో కొలత కర్ర పట్టే మొండయ్య, కొలతల పుస్తకాలను ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. కరీంనగర్ వైపు మనిషి, నలభై దాటినవాడు. గుమ్మం బయటే నిలబడి, మంచినీళ్లిస్తే తాగి పోయేవాడు. ఒకరోజు పుస్తకం ఇచ్చాక కదలకుండా కాసేపు తటపటాయించాడు.

“పదిహేడో కిలోమీటరుకాడ నీళ్లు పారిన జాడున్నది చెల్లె. గుంజ పాతుదామని తవ్వితే ఇసుక కింద ఒండు దొరికింది. సార్‌కు చెప్పిన, నవ్విండు. మా ఊరి వాగు గూడ గిట్లనే ఏండ్లకేండ్లు ఎండి ఉంటది. వచ్చిననాడు మాత్రం ఎవ్వలిని అడిగి రాదు.”

కృపామణి ఆ కొలతలు మళ్లీ తీసి చూసింది. మనిషి చెప్పింది నిజం. నేల అటూ ఇటూ నుంచి పళ్లెంలా అక్కడికే వాలుతోంది. కట్ట అడ్డం కడితే నీళ్లకు దారుండదు. ఒకటి చాలదని లెక్క వేసుకుని మూడు తూములు గీసింది. ఆ షీటు గీసిన రోజు ఆమెకు ధవళేశ్వరం గాలి తగిలినట్టయింది.

రెండు వారాల తర్వాత అదే షీటు వేరే మార్పు కోసం తిరిగొచ్చింది. పదిహేడో కిలోమీటరు దగ్గర ఆమె వేలికి గరుకు తగిలింది. మూడు తూముల్లో రెండింటిని ఎవరో బ్లేడుతో గీకేశారు. అడిగితే ఓబదయ్య షూ లేసులు విప్పుకుంటూ చెప్పాడు. ఎవరూ గీకమనలేదు. ఖర్చెక్కువని మేనేజరు అంటాడేమోనని ముందే తనే తీసేశాడు. ఎడారిలో వరదేంటి, పదిమందీ నవ్వుతారు.

“నీళ్లొస్తే కట్ట ఆగదండీ” అంది ఆమె.

“గియ్యమన్నది గియ్యి మణీ. నువ్వు ఇంజినీరువి కాదు.”

ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, పెళ్లయిన ఏడేళ్లలో దానంతట అదే అలవడింది. కానీ ఆ గరుకు వేలికి చాలా రోజులు గుర్తుంది. నా తప్పుంటే దిద్దుకుంటాను, నా ఒప్పును గీకేసే హక్కు ఇతనికి ఎక్కణ్ణించి వచ్చింది అనుకునేది. వెంటనే, అసలు ఆ ఒప్పు నాదని ఎక్కడ రాసుంది గనక అని తనకు తనే జవాబు చెప్పుకునేది. ఆ జవాబుకు ఒళ్లు మండేది. మండుతూనే చపాతీలు ఒత్తేది.

కట్ట లేచింది, కంకర పడింది, పట్టాలు పరిచారు. తొంభై మూడు ఏప్రిల్‌లో మొదటి బండి వెళ్లింది. ఆ వేడుకకు ఆడవాళ్లను పిలవలేదు. తను గీసిన లైనును ఆమె ఓబదయ్య తెచ్చిన ఫోటోలో చూసింది. అందులోనూ ముందు అతనే నిలబడ్డాడు, వెనక పట్టాలు కాస్త కనబడ్డాయి. శుక్రవారం ఎవరో ఒకరి ఇంట్లో తలుపులేసుకుని చేసుకునే ప్రార్థన అయ్యాక, కాఫీ తాగుతూ అతను ‘నా లైను’ అని చెబుతుంటే, కృపామణి కప్పులు కడిగేది.

ఆ చలికాలం రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. మూడో రోజు మధ్యాహ్నమే ఓబదయ్య ఇంటికొచ్చి, బూట్లతోనే లోపలికి నడిచి, బల్ల ముందు కూలబడ్డాడు. పదిహేడో కిలోమీటరు దగ్గర కట్ట కొట్టుకుపోయింది. వాన వెలిసిందని లైను చూడ్డానికి ట్రాలీ మీద వెళ్లిన పట్టాల కూలీల గ్యాంగు ఆ గండిలో పడింది. సర్వే ముగిశాక మొండయ్య ఆ గ్యాంగులోనే పనిచేస్తున్నాడు. అతని కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఓబదయ్య తలెత్తి కృపామణి వైపు చూశాడు.

“ఆ షీటు నువ్వేగా గీసింది.”

మూడేళ్లు. ముప్ఫై కిలోమీటర్లు. ఎన్ని షీట్లో ఆమెకే లెక్క లేదు. ఒక్క మెచ్చుకోలు మాటకూ, ఒక్క సంతకానికీ, ఒక్క ఫోటోకీ గుర్తురాని ఆమె చెయ్యి, కట్ట తెగిన రోజున అతనికి గుర్తొచ్చింది. లైను నిలబడ్డంతకాలం అతనిది. కూలిన చోట ఆమెది.

తర్వాత అతను అసలు సంగతికొచ్చాడు. కంపెనీ సంజాయిషీ అడిగింది. తూముకు అడ్డంపడ్డ ఇసుకను గ్యాంగు తియ్యలేదనీ, అందుకే నీళ్లు ఎగదన్నాయనీ రాసిస్తే సరిపోతుందని మేనేజరే దారి చూపాడు. అప్పుడు తప్పు గ్యాంగుదవుతుంది. మొండయ్యకు రావలసిన నష్టపరిహారం రాదు, ఆసుపత్రి నుంచి నేరుగా విమానం ఎక్కించేస్తారు. ఇంగ్లీషులో అలాంటి ఉత్తరాలు మొదట్నుంచీ రాసేది ఆమే కాబట్టి, ఇదీ ఆమే రాయాలి. దానితోపాటు కట్ట తిరిగి కట్టడానికి కొత్త షీటు కూడా కావాలి, పది రోజుల్లో.

కృపామణి కాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఎప్పటిలాగే అతని మాటగా, అతని తరఫున రాసింది. ఈ లైను డ్రాయింగులు గీసింది నేను కాదు, నా భార్య. పదిహేడో కిలోమీటరు దగ్గర నీళ్లు పారిన జాడ ఉందని మొండయ్య నాకు చెప్పాడు. నా భార్య మూడు తూములు గీసింది. అందులో రెండింటిని ఎవరూ చెప్పకుండానే నేను గీకేశాను. గ్యాంగు తప్పు లేదు.

అతను చదివాడు. కాగితం చింపి బుట్టలో వేశాడు. ఆమె మరొకటి రాసింది. దాన్నీ చింపాడు. మూడోది బల్ల మీద పెట్టి, పైన సంతకానికి పెన్ను పెట్టింది.

“ఇన్నేళ్లూ మీ పేరుతో అబద్ధం గీశాను. ఇప్పుడు మీ పేరుతోనే నిజం రాశాను. దీనిమీద సంతకం పడ్డాకే ఆ షీటు ముట్టుకుంటాను.”

నాలుగు రోజులు గడిచాయి. ఓబదయ్య అరిచాడు, తర్వాత బతిమాలాడు, తన తల్లికి ఫోన్ కలిపి ఆవిడ చేత ఏడిపించాడు. భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న బైబిలు వాక్యం చదివి వినిపించాడు. ఆమె అన్నం వండింది, వడ్డించింది, పెన్ను ముట్టలేదు. మూడో రోజు అతనే షీటు పరిచి కూర్చున్నాడు. సాయంత్రానికి సిరా మరకలు తప్ప దాని మీద ఏమీ లేదు. అయిదో రోజు పొద్దున్న టీ కూడా తాగకుండా సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుపోయాడు.

ఉద్యోగం పోలేదు. తిరిగి సర్వేయరును చేశారు, అంతే. కంపెనీకి ఆ షీటు కావాలి, అది ఏ ఇంట్లోంచి వస్తుందో ఇప్పుడు వాళ్లకు తెలిసింది. మొండయ్య కాగితాల్లో గ్యాంగు తప్పని రాయలేదు, అతనికి రావలసింది ఇచ్చి పంపారు. కాలు మాత్రం ఎవరూ ఇవ్వలేకపోయారు.

మేనేజరు చెప్పి పంపిన మాటను ఓబదయ్య కొంచెం తేరుకున్న గొంతుతో మోసుకొచ్చాడు. మేడం చేతి పని బాగుంటుందన్నాడట. భర్తకు అంతగా సాయపడే భార్య దొరకడం అదృష్టమన్నాడట. ఇకముందు కూడా ఎప్పటిలాగే ఇంట్లోనే కానివ్వమన్నాడట. పేరూ అదీ మాత్రం, ఆమె ఇకామా వల్ల, కుదరదన్నాడట.

కృపామణి షీటు మీదకు వంగి రెండో తూము గీస్తోంది. గీత చివరిదాకా వెళ్లాక పెన్ను ఎత్తింది.

“ఇది పూర్తి చేస్తాను. దీని మీంచి మనుషులు వెళ్తారు గనక. రేపు మీరు నా పాస్‌పోర్టు తీసుకెళ్లి ఎగ్జిట్ ముద్ర కొట్టించండి.”

ఊరెళ్లి కొన్నాళ్లు ఉండొస్తానంటుందేమో అనుకున్నాడతను. కాస్త గాలి మారితే మంచిదేనన్నాడు. వెళ్లి మళ్లీ రావడానికి వేసే ఎగ్జిట్ రీఎంట్రీలో ఎన్నాళ్లు రాయించమంటావని అడిగాడు.

“రీఎంట్రీ వద్దండీ” అని, ఆమె మూడో తూము మొదలుపెట్టింది.