మందు కొట్టిన మర్నాడు

దుర్గ లేచి నిలబడి చెప్పిన మాటకి ఆమని చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"మా యమ్మ నిన్న మందు కొట్టినాది టీచర్. ఇప్పుడు తొంగున్నాది. ఎంత లేపినా లెగట్నేదు."

శ్రీకాకుళం దాటాక పొలాల మధ్య ఉన్న జిల్లా పరిషత్ బడి అది. ఆరో తరగతి. ఆమని అక్కడి టీచరు కాదు. దగ్గర్లోని క్రైస్తవ విశ్వవిద్యాలయంలో బీఎడ్ చదువుతూ, పాఠం చెప్పడం నేర్చుకోవడానికి వచ్చింది. ఆ రోజు ఆమె పాఠం చూసి మార్కులు వేయడానికి, బీఎడ్‌లో ఆమెకి పాఠాలు చెప్పే ధనరాజ్ మాస్టారు వచ్చారు. పిలిస్తే వినబడేంత దూరంలోనే, హెడ్మాస్టరు గదిలో టీ తాగుతున్నారు.

విశ్వవిద్యాలయంలో రోజూ ఉదయం ప్రార్థన మందిరంలో విద్యార్థులు ఒక్కొక్కరే లేచి తమ మనవి చెప్పుకుంటారు. ఒకరి తండ్రికి జ్వరం, ఒకరి చెల్లెలికి పరీక్ష. విజయనగరంలో వయొలిన్ నేర్పే దత్తాత్రేయగారి అమ్మాయి ఆమనికి మొదట్లో ఇది వింతగా ఉండేది. "సర్కారు బడికి మన ప్రార్థన పట్టుకెళ్లకండి. ఆ వినడం మాత్రం పట్టుకెళ్లండి" అనేవారు ధనరాజ్ మాస్టారు. అందుకని ఆయన శిష్యులు పాఠానికి ముందు 'ఇంటి మాట' పెడతారు. పిల్లలు ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. టీచరు వినాలి. అంతే.

ఆమని అంతటితో ఊరుకోలేదు. పిల్లలు చెప్పినదాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చి, బోర్డు మీద రాసి, అందరిచేతా అనిపించేది. తోటివాళ్లెవరికీ తట్టని ఆలోచన. మాస్టారికి నచ్చి తీరుతుందనుకుంది.

ఇప్పుడీ పిల్ల ఇలాంటి మాట చెప్పింది! ఆమని వాళ్ల వీధిలో మందు కొట్టడమంటే తాగడమే. ఒక తల్లి తాగి, ఇంకా మత్తు దిగక పడుంటే, కూతురు తరగతిలో నిలబడి ఆ సంగతి చెబుతోంది. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. అది గమనించింది గాని, ఎందుకని ఆలోచించలేదు.

"మొదటి మాట వద్దమ్మా. అలాంటివి నలుగురిలో చెప్పకూడదు. రెండోది చూద్దాం. తొంగున్నాది కాదు, పడుకుంది. లెగట్నేదు కాదు, లేవడం లేదు. ఏదీ, అను."

"అది కాదు టీచర్..."

"అనమన్నానా?"

"మా అమ్మ పడుకుంది. లేవ... లేవడం లేదు."

"బాగుంది. ఇప్పుడు అందరూ!"

వెనక వరసలోంచి వెంకీ దుర్గ వైపు వంగాడు. "ఒసే, ఏడుస్తావేటే? బాగుందంటన్నారు కదా!"

తరగతంతా గొంతెత్తి ఆ మాట అంటుండగా మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. చిరునవ్వుతోనే వచ్చారు. బోర్డు చదివేసరికి ఆ నవ్వు పోయింది.

"ఎవరి మాట ఇది?"

ఆమని దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. "ఆ చివరి పిల్లదండి. వాళ్లమ్మ తాగి పడుకుందట. ఆ సంగతి రాయకుండా వదిలేశాను."

మాస్టారు దుర్గ ముందు గొంతుక్కూర్చున్నారు. ఆయన ఈ జిల్లా భావనపాడు మనిషి. విశ్వవిద్యాలయంలో ఎన్నడూ వినపడని ఆయన ఊరి మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఏటైందే గుంటా? నీకెలగొస్తే అలగే సెప్పు."

"మందు కొట్టినాది సార్."

"దేనికి?"

"వంగతోటకి. పురుగట్టీసినాదని. గాలికెదురుగా కొట్టినాది. రేత్రంతా వాంతులు. పొద్దున్న నోట్లోంచి నురగొస్తన్నాది. అయ్య పనికని విజయవాడ ఎలిపోనాడు. టీచరికి సెప్దారని బడికొచ్చినాను."

పురుగుల మందు.

ఆమనికి బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయి గాని చదవడం చేతకాలేదు. ఈ గదిలో ప్రతి పిల్లకీ తెలుసు. అందుకే ఎవరూ నవ్వలేదు.

"నూటెనిమిదికి ఫోన్ చెయ్యి. బేగి!" అంటూనే మాస్టారు దుర్గని మోటారు సైకిలెక్కించుకుని వెళ్లిపోయారు.

ఫోన్లో అవతలి గొంతు ఏమైందని అడిగింది.

"మందు కొట్టిందండి."

"తాగిందా?"

"కాదు! కాదండీ! చేనుకి... చేనుకి కొట్టింది." ఊరి పేరు వెంకీ అందించాడు.

ఆమని పరుగున దుర్గ ఇంటికి వెళ్లేసరికి అంబులెన్సు ఇంకా రాలేదు. దుర్గ తల్లి దేముడమ్మ నేల మీద పక్కకి తిరిగి ఉంది. పైట నురగతో తడిసిపోయింది. చేతి వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. తల దగ్గర నిండు గ్లాసు నీళ్లు, పళ్లెంలో చద్దన్నం. బడికొచ్చేముందు పిల్ల పెట్టినవి. ఆమని గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నిలబడిపోయావేంటమ్మా, కాళ్లు పట్టుకో, వీధిలోకి మోద్దాం!" అన్నారు మాస్టారు. అప్పుడు కదిలింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు రాత్రి గడిస్తే గాని చెప్పలేనన్నాడు. రాత్రి గడిచింది. మర్నాడూ అదే మాట అన్నాడు. ఆమని రోజూ వెళ్లి ఆ వరండాలో దుర్గ పక్కన కూర్చునేది. మార్కుల సంగతి ఆమె అడగలేదు, మాస్టారు ఎత్తలేదు.

దేముడమ్మకి తెలివొచ్చి మాట పెగిలిన రోజున ఆమని, దుర్గ ఇద్దరూ మంచం పక్కనే ఉన్నారు.

"ఎవులికి సెప్పినావే?" అంది కూతుర్ని.

"టీచరికి." దుర్గ ఆమనిని చూపించింది.

సూది గుచ్చిన చెయ్యి ఎత్తలేక, రెండో చెయ్యి ఒక్కటే నుదుటికి ఆనించింది దేముడమ్మ. "నీ కడుపు సల్లగుండ తల్లీ. నా గుంట మాట ఇన్నావు."

"వినలేదమ్మా." అంది ఆమని. "మీ అమ్మాయి ముందే చెప్పింది. నేనే వినలేదు."

దేముడమ్మకి అర్థం కాలేదు. కూతురి వైపు చూసింది. దుర్గ ఆమని చెయ్యి పట్టుకుని, తల్లికి సర్దిచెప్పబోయింది.

"ఇన్నాదే అమ్మా. నానే మొదుల సరిగ్గా సెప్పనేదు."