యింగ్ క్షేమ సమాచారం

లియావ్ రుయ్‌కి మనసు ప్రతినిధి పదవి తలంటు పుణ్యమా అని వచ్చింది. హాస్టల్లో గదికొక మనసు ప్రతినిధి ఉండి తీరాలని ఆ యూనివర్సిటీ నియమం. గదిలో ఎవరు తిండి మానేసినా, ఎవరు గోడకేసి చూస్తూ కూర్చున్నా ఆ పిల్ల వెళ్ళి పైవాళ్ళ చెవిన వెయ్యాలి. ఈ చాడీల ఉద్యోగం ఎవరికి కావాలి? అందుకే రుయ్ స్నానాల గదిలో తలకు నురుగు పట్టించుకుంటున్న సమయం చూసి, గదిలో మిగతా ఇద్దరూ, అంటే వెన్, హావ్, చెరో చెయ్యీ ఎత్తి ఆమెను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

"ఎదురుగా లేనివాళ్ళకే పదవి. ఎక్కడైనా ఇదే పద్ధతి" అంది వెన్, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ.

ఏడాది పాటు రుయ్ పై దాకా మోసిన కబురల్లా హావ్ గురకే. రెండో ఏడు మొదలయ్యాక ఒకనాడు కువాంగ్ సార్ పిలిపించాడు. ఆ డిపార్ట్‌మెంటు పిల్లలందరి మంచిచెడ్డలూ ఆయన నెత్తిమీదే. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు, మోగకపోతే ఇంకా ఉలిక్కిపడతాడు.

"నాలుగో మంచం మీదున్న మీ పెట్టెలు దించెయ్యండమ్మా, మనిషొస్తోంది" అన్నాడు. "పేరు తాన్ యింగ్. మీకంటే సీనియరు. ఒంట్లో బాగోక ఏడాది ఆగిపోయింది."

"ఒంట్లోనా సార్?"

"మనసు ఒంట్లో లేదా ఏం?" అని విసుక్కుని, గొంతు తగ్గించాడు. "చాలాకాలం ఆస్పత్రిలో ఉంది. ఇప్పుడు నయమైందని డాక్టర్లు అంటున్నారు. తల్లి కూడా వచ్చింది, వెనక గేటు వీధిలో గది తీసుకుంది. పగలు పిల్ల మీతో ఉంటుంది, రాత్రికి తల్లి దగ్గర పడుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే చలికాలంలో పూర్తిగా హాస్టల్‌కి మార్చేస్తాం, తల్లి ఊరెళ్ళిపోతుంది. లేదంటే మళ్ళీ ఇంటికే. ఈసారి వెళ్తే ఇక చదువు మాట మర్చిపోవడమే."

"మరి నేనేం చెయ్యాలి సార్?"

"స్నేహం చెయ్యి. గురువారం గురువారం మధ్యాహ్నం వచ్చి నాకు చెప్పు. తిందా, నిద్రపోయిందా, నవ్విందా. నేను వాళ్ళమ్మకు చెప్తాను."

"ఇలా చెప్తున్నానని ఆ అక్కకు చెప్పొచ్చా?"

"చెప్పాక ఇంకేం స్నేహం తల్లీ!" అన్నాడు కువాంగ్ సార్.

ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయన హయాంలో లోగడ ఒక పిల్లవాడు దక్కలేదు. ఆనాటి నుంచి ఆ మనిషికి కంటి మీద కునుకు లేదు. అటువంటివాడు ఎవరి మీద కాపలా పెట్టినా మంచికే పెడతాడు. ఆ మంచే కొంప ముంచిందంటే ఎవరిని తిట్టాలి?

యింగ్ వచ్చింది. ఎముకల మీద కోటు తగిలించినట్టున్న మనిషి. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఆ వణుకు ఎవరూ చూడకుండా గ్లాసు రెండు చేతులా పట్టుకునేది. వెన్, హావ్ మొదటి వారమంతా పెళ్ళివారింట్లో పరాయివాళ్ళలా గోడలకు ఆనుకుని తిరిగారు. గదిలో పళ్ళు కోసుకునే చాకును హావ్ ఎక్కడో దాచేసింది. రెండో రోజు యింగ్ ఆపిల్ పట్టుకుని గదంతా చూసి, ఏమీ అనకుండా తొక్కతోనే కొరుక్కుతింది. అది చూసి రుయ్‌కి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"అక్కా, చాకు హావ్ సాక్సుల్లో ఉంది. ఇక దాంతో పళ్ళు కోసుకోలేంలే" అంది.

యింగ్ వెంటనే, "ఆ సాక్సులు చూశాను. వాటికంటే పిచ్చాస్పత్రే శుభ్రం" అంది.

ముందు వెన్ నవ్వింది, తర్వాత హావ్ కూడా నవ్వింది. ఆ తర్వాత రోజులు మారాయి. ఆ చాంగ్షా ఊళ్ళో వాన పట్టిందంటే వదలదు కదా, ఉతికిన బట్టలు వారం దాకా ఆరవు. రుయ్, యింగ్ ఒకే గొడుగులో క్యాంటీనుకు వెళ్ళేవారు. లెక్కల్లో రుయ్ మొద్దు. యింగ్ వణికే చేత్తోనే వంకరటింకర అంకెలు వేసి నేర్పేది. ఒకరోజు క్యాంటీనులో వడ్డించే ఆవిడ, ఇంత బక్కపిల్లకి ఇంత కారం ఏమిటని గొణుగుతూ గరిటె జారవిడుచుకుంటే, యింగ్ నవ్వు ఆపుకోలేక పొలమారింది. నూడుల్ పోగు ఒకటి ముక్కులోంచి బయటికొచ్చింది. ఆ మంట భరించలేక ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. రుయ్‌కి ఆ వేళ ఎంత సంతోషమైందంటే, గురువారం దాకా ఆగలేక మర్నాడే పరుగెత్తి కువాంగ్ సార్‌కి చెప్పేసింది.

సంతోషం నోట్లో నువ్వుగింజ నాననిస్తుందా? ఆ ఆదివారం యింగ్ తల్లి డబ్బా నిండా పొగబెట్టిన పందిమాంసం వేయించి, కారం దట్టించి, గదికి తెచ్చింది. ఊళ్ళో నూడుల్స్ కొట్టు మూసేసి కూతురి వెంట వచ్చిన మనిషి. గొంతు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. నలుగురికీ గిన్నెల్లో కుక్కి కుక్కి పెట్టింది.

"తినండే, తినండి! మా యింగ్ మొన్న నవ్విందట! ముక్కులోంచి నూడుల్స్ వచ్చేలా నవ్విందటే! ఆ మాట విని నేను వీధిలోనే కూలబడి ఏడ్చాననుకోండి. ఎన్నాళ్ళైందే తల్లీ నువ్వట్లా నవ్వి!"

ఆ వేళ క్యాంటీనులో బల్ల దగ్గరున్నది ఇద్దరే. యింగ్ చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టి, రుయ్ వైపు చూసింది. రుయ్ తేలు కుట్టిన దొంగలా తల వంచుకుంది.

"ఏమైందే? కారం ఎక్కువైందా?" అంది తల్లి, పాపం.

తల్లి వెళ్ళాక బట్టలారేసే బాల్కనీలో రుయ్ యింగ్‌కి దొరికిపోయింది.

"ఎన్నాళ్ళుగా?"

"మొదట్నుంచీ అక్కా. కానీ నేను మంచివే..."

"మంచివే చెప్పావు. తెలుసు." యింగ్ గొంతులో కోపం కూడా లేదు, అందుకే భయం వేసింది రుయ్‌కి. "ఆస్పత్రిలో కాపలావాళ్ళు కోట్లు వేసుకునేవాళ్ళు. దూరాన్నుంచే తెలిసేది. అప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో మనిష్టం. నువ్వేమో నా గొడుగులో నడిచావు."

"ఒట్టు అక్కా, నాకు నిజంగానే నువ్వంటే..."

"సర్లే. ఈ గురువారానికి ఏం కావాలి? రెండు గిన్నెలు తిన్నానని చెప్పు. కావాలంటే నిజంగానే తింటాను."

అన్నంత పనీ చేసింది. ఎవరు జోకు వేసినా సమయానికి నవ్వేది, క్యాంటీనులో గిన్నె నాకేసేది, ఎదురైన మాస్టారికల్లా తల వంచి నమస్కారం పెట్టేది. కువాంగ్ సార్ మురిసిపోయాడు. వెన్ మాత్రం ఒకరోజు, "ఒసే, ఈవిడ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తోందే. దుకాణంలో బొమ్మ నవ్వినట్టుంది" అంది.

చలికాలం వచ్చింది. యింగ్ పూర్తిగా హాస్టల్‌కి మారడానికి ఒక్క గురువారం మిగిలింది. ఆ వారంలోనే రుయ్ చూడకూడనిది చూసింది. యింగ్ మాత్ర నోట్లో వేసుకున్నట్టే వేసుకుని, నీళ్ళు తాగి, బాల్కనీలోకి వెళ్ళి కలబంద కుండీలో ఉమ్మింది. వేలితో మట్టి కప్పింది.

"అక్కా!"

యింగ్ తిరిగి చూసింది. ఈసారి మొహంలో బొమ్మ నవ్వు లేదు.

"అవి వేసుకుంటే పాఠం బుర్రకెక్కదే. పరీక్షలు దగ్గరికొచ్చాయి. తప్పితే పంపేస్తారు. కొన్నాళ్ళు, పరీక్షలయ్యేదాకా." చెయ్యి పట్టుకుంది. ఎన్నో రోజుల తర్వాత ఆ చెయ్యి. "ఇది మాత్రం చెప్పకు రుయ్. ఈ ఒక్కటీ."

రుయ్‌ని అడకత్తెరలో పోకచెక్కలా ఇరికించిన మాట అది. నవ్విన సంగతి మోసి స్నేహం పోగొట్టుకుంది, ఈ సంగతి దాస్తే తిరిగి దొరుకుతుందేమో! ఇరవై ఏళ్ళైనా నిండని పిల్లకి అంతకంటే ఏం తోస్తుంది? గురువారం కువాంగ్ సార్ బల్ల ముందు నిలబడింది. ఆ వేళ ఎదురుగా యింగ్ తల్లి కూడా కూర్చుని ఉంది.

"చెప్పమ్మా" అన్నాడు సార్.

"బాగుంది సార్. అన్నీ బాగున్నాయి."

"నిద్ర?" అంది తల్లి.

"పడుకుంటోందట పిన్నీ."

"మందులు?"

"వేసుకుంటోంది" అంది రుయ్.

తల్లి లేచి ఆ పెద్ద చేతులతో రుయ్ మొహం పట్టుకుని, నుదురు నుదురుకి ఆనించింది. "నా కడుపున పుట్టకపోయినా నువ్వు దానికి చెల్లెలివే" అంది. రెండు రోజుల్లో గది ఖాళీ చేసి రైలెక్కింది. మూసేసిన కొట్టు తెరవాలి కదా, ఎన్నాళ్ళని ఉంటుంది?

యింగ్ నిచ్చెన మీదుగా నాలుగో మంచం ఎక్కింది. మొదట్లో అర్ధరాత్రి దాకా చదివేది, తర్వాత తెల్లార్లూ చదివేది. ఆపైన పుస్తకం తెరిచి ఉండేది కానీ పేజీ తిరిగేది కాదు. రుయ్ రోజూ ఈ పూట చెప్పేద్దామనుకునేది, రోజూ రేపు చూద్దాంలే అనుకునేది. ఇద్దరూ మళ్ళీ ఒకే గొడుగులో నడుస్తున్నారు మరి.

పరీక్షల వారంలో ఒక ఉదయం యింగ్ మంచం తెర తెరుచుకోలేదు. పరీక్షకు వేళవుతోందని హావ్ రెండుసార్లు పిలిచింది. రుయ్ నిచ్చెనెక్కి తెర పక్కకి లాగింది. కోటు, బూట్లతో సహా యింగ్ దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"రుయ్, నాకు నా మీదే భయంగా ఉందే. లేచి తలుపు దాకా నడిస్తే ఎటు పోతానో తెలీదు. అందుకే కదల్లేదు" అంది. "నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళవే."

రుయ్ నిచ్చెన దిగలేదు. అక్కడి నుంచే వెన్‌ని సార్ కోసం పరుగెత్తించి, యింగ్ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. హావ్ ఏడుస్తూ ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపింది. ఎందుకో ఆమెకే తెలియదు. కువాంగ్ సార్ చెప్పులు మార్చుకోకుండానే వచ్చాడు. టాక్సీలో అందరికంటే ఎక్కువ వణికింది ఆయనే.

సాయంత్రానికి ఊరి నుంచి తల్లి దిగింది. నడుముకి కొట్లో కట్టుకునే ఏప్రను అలాగే ఉంది. వార్డు తలుపు ముందు బెంచీ మీద యింగ్, పక్కన రుయ్. వార్డులోకి తాడన్నది రానివ్వరని, యింగ్ బూట్ల తాళ్ళు నర్సు అప్పుడే విప్పి తీసుకుంది. మాత్రల సంగతి మధ్యాహ్నమే యింగ్ డాక్టరుకి చెప్పింది, సార్ ఆ కబురు ఫోనులో తల్లికి చేరవేశాడు. తల్లి వచ్చి కూతుర్ని చూడలేదు. సూటిగా రుయ్ ముందుకొచ్చి నిలబడింది.

"మందులు వేసుకుంటోందన్నావు కదమ్మా" అంది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, గుసగుసలా వచ్చింది. "నీ మాట మీదే నేను రైలెక్కాను."

రుయ్‌కి నేల విచ్చి ఇంత చోటిస్తే బాగుండుననిపించింది. చేత్తో నోరు మూసుకుంది. నవ్విన ముచ్చట్లు ఎన్ని మోసిందీ నోరు!

"చెప్పు. తప్పు నాదేలే, చిన్నపిల్లవి. ఇప్పుడైనా నిజం చెప్పు. అసలు ఎలా ఉంది నా బిడ్డ? ఎన్నాళ్ళ నుంచి నిద్రపోవడం లేదు? సార్, మీరు చెప్పండి. డాక్టరేమన్నాడు?"

"అమ్మా" అంది యింగ్.

తల్లి కూతురి వైపు తిరిగింది.

"దాన్ని అడక్కు. సార్‌నీ అడక్కు. పోయినేడు డాక్టర్ని అడిగావు, తర్వాత సార్‌ని, తర్వాత దీన్ని. నేను పక్కనే ఉన్నాను కదే అమ్మా. రాత్రుళ్ళు నీ మంచంలోనే పడుకున్నాను కదే." బెంచీ మీంచి లేచింది. "నన్నెందుకే ఒక్కసారీ అడగలేదు?"

నర్సు వార్డు తలుపు తీసి పట్టుకుని నిలబడింది. తల్లి ఆ ఏప్రను చెంగు రెండు చేతులా నలిపింది. అడగకపోవడానికి కారణం ఆమెకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. అడిగితే చెప్తుందేమోనని భయం.

"ఎలా ఉన్నావే?" అంది తల్లి.

"బాగాలేనమ్మా" అంది యింగ్. తాళ్ళు లేని బూట్లు ఈడ్చుకుంటూ నర్సు వెంట లోపలికి వెళ్ళింది.