నీలం పెట్టె తప్పు

“నీ వైఫై మళ్ళీ పోయింది,” అన్నాడు భర్త హాల్లోంచి.

ఆమె వంటింట్లో బీన్స్ తరుగుతోంది. కత్తి ఆగలేదు కానీ ఆ ‘నీ’ మాత్రం చెవిలో పడింది. నడుస్తున్నంతసేపూ అది మన వైఫై. ఇంటికెవరైనా వస్తే “మా ఇంట్లో నెట్ స్పీడు చూడండి” అని ఫోన్ తీసి మరీ చూపిస్తాడు. ఆగిందా, ఆ నిమిషం నుంచి అది నీ వైఫై. కూతురి సంగతీ అంతే. క్లాసులో మొదటొస్తే నా కూతురు, గోడమీద గీతలు గీస్తే నీ కూతురు. అత్తగారి మోకాళ్ళ నొప్పి తగ్గితే “మా అమ్మ గట్టి మనిషి”, ఎక్కువైతే “అసలు మాత్రలు వేళకిస్తున్నావా?” ఇన్నేళ్ళ కాపురంలో తనదంటూ ఆమెకి మిగిలినవి ఏవైనా ఉంటే అవి చెడిపోయిన వస్తువులే.

చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చింది. టీవీ వెనక రౌటర్ ప్లగ్గు పీకేసి ఉంది. దాని స్థానంలో ఎవరిదో ఫోన్ చార్జర్. ఎవరిదో ఏముంది, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషిదే. ఆమె చార్జర్‌ని పక్క రంధ్రంలోకి మార్చి ప్లగ్గు పెట్టింది. “ఆ, వచ్చింది,” అన్నాడతను తలెత్తకుండా.

ఇప్పుడు ఖాళీగానే ఉన్నాడు కదా అనుకుంది.

“ఏవండీ, మా ఆసుపత్రి కొత్త బిల్డింగ్‌కి నన్ను...”

“కొత్త బిల్డింగంటే గుర్తొచ్చింది. మా ఆఫీసు పక్కన ఒకటి లేపుతున్నారు. ఏం దుమ్ము, ఏం దుమ్ము! కారు పొద్దున్న కడిగించుకుంటే సాయంత్రానికి...”

ఆమె ఆగింది. దుమ్ము అయ్యేదాకా నిలబడింది. దుమ్ము తర్వాత పార్కింగ్ వచ్చింది, పార్కింగ్ తర్వాత వాచ్‌మన్ పొగరు వచ్చింది. అంతలో పొయ్యిమీద పాలు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

“ఏదో చెప్పబోయావుగా?” అన్నాడు.

“తర్వాత చెప్తాలెండి.”

“ఇదే నీతో వచ్చిన చిక్కు. ఏదీ పూర్తిగా చెప్పవు. అన్నీ సగం సగం మాటలు.”

పాలు అప్పటికే పొంగిపోయాయి. గట్టు తుడుస్తుంటే ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చెప్పబోయింది చిన్న విషయం కాదు. ఆసుపత్రి నెట్‌వర్కు మొత్తాన్ని చాలా ఏళ్ళుగా ఆమే చూస్తోంది. ఊరికి అవతలి చివర కడుతున్న కొత్త బిల్డింగ్‌కి నెట్‌వర్కు అధికారిగా ఆమెనే వెయ్యాలని అనుకున్నారు. పెద్ద గది, కింద నలుగురు మనుషులు, కంప్యూటర్లని కలిపే పెట్టెలు ఏవి కొనాలో తనే నిర్ణయించే అధికారం. కానీ పొద్దున్నే వెళ్ళాలి. ఆసుపత్రి మేనేజరుగారు పిలిచి ఆ మాట చెప్పి, వెంటనే, “ఇంట్లో అడిగి చెప్పమ్మా,” అన్నారు. మగవాళ్ళకి బదిలీ చేసినప్పుడు ఆయన ఇంట్లో అడిగి రమ్మనడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఈ సాయంత్రంలోగా చెప్పకపోతే ఆమె దగ్గర పని నేర్చుకున్న జూనియర్‌కి ఇచ్చేస్తారు. అతనికి ఇంట్లో అడగాల్సినవాళ్ళు లేరు. పెళ్ళాం ఉంది, అంతే.

వారం నుంచి ఆమె ఆ ఒక్క వాక్యాన్ని మోసుకు తిరుగుతోంది. కారులో మొదలుపెడితే ముందు పోతున్న లారీవాణ్ణి తిట్టాడు. కాఫీ ఇస్తూ మొదలుపెడితే ఫోన్ మోగింది. ఫోన్ అయ్యాక ఆ ఫోన్ చేసినవాడి కథంతా చెప్పాడు. ప్రతిసారీ ఆమె ఆగుతుంది, అతను అయ్యేదాకా చూస్తుంది, మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ ఆగుతుంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు అత్తగారు నేర్పిన పద్ధతే ఇది. “వాడు మాట్లాడేటప్పుడు నువ్వు ఆగమ్మా. తరవాత చెప్పుకోవచ్చు. మీ మామగారి దగ్గర నేనూ అంతేగా,” అన్నారావిడ. ఆ తరవాత అనేది ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు. ఇప్పుడు ఆవిడకి చెవుడొచ్చింది. కొడుకు ఆవిడతో మాట్లాడటమే మానేశాడు. ఏదైనా ఉంటే “అమ్మకి చెప్పు” అంటాడు, కోడలు వెళ్ళి చెవిలో చెప్తుంది.

ఆ రోజు ఆసుపత్రిలో అడుగు పెట్టీపెట్టగానే స్కానింగ్ డాక్టరు పట్టుకున్నాడు. స్కాన్ తీసిన బొమ్మ పైఅంతస్తులో డాక్టర్ల గదికి చేరేసరికి తెల్లారుతోందట. రోగి బల్లమీద, డాక్టరు గడియారం మీద. “మీ నెట్‌వర్కు పడుకుందండీ,” అన్నాడాయన. ఇక్కడా ‘మీ’.

ఆ నెట్‌వర్కు చూస్తే ఆమెకి ఒక్కోసారి నవ్వొస్తుంది. ఒక్కో మేనేజరు ఒక్కో ఏడు ఎవరు తక్కువకిస్తే వాళ్ళ దగ్గర కొన్న సామాను అది. ఐదు కంపెనీల పెట్టెలు, ఐదు పుట్టిళ్ళ నుంచి వచ్చిన తోడికోడళ్ళలా ఒకే అల్మరాలో సర్దుకుపోతున్నాయి. దేని భాష దానిది, దేని అలక దానిది. కంపెనీలవాళ్ళేమో, తమ పెట్టె ఉంటే చాలు, పక్క పెట్టె ఉన్నట్టే తెలియదంటారు. వాటి మధ్య సఖ్యత కుదర్చడమే ఆమె ఉద్యోగం. కుదిరినప్పుడు ఎవరికీ కనపడదు. “అన్నీ వాటంతటవే నడుస్తున్నాయిగా, మీకు రోజంతా ఏం పనండీ?” అని లెక్కలగది ఆయన నవ్వుతూ అడుగుతుంటాడు. ఇంట్లో భర్తా అదే అడుగుతాడు, నవ్వకుండా.

అల్మరాలో స్కానింగ్ విభాగానిది నల్ల పెట్టె, కొత్తది. దాన్నుంచి తీగ పైఅంతస్తు తాలూకు నీలం పెట్టెకి వెళ్తుంది, అది పాతది. రెండు కంపెనీల ఇంజనీర్లనీ ఆమె పిలిపించింది. ఇద్దరూ అల్మరా ముందు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆమెతోనే మాట్లాడారు.

“మా పెట్టె బ్రహ్మాండంగా ఉంది మేడమ్,” అన్నాడు నల్ల పెట్టె అతను, స్క్రీన్ చూపిస్తూ. “వాళ్ళ పెట్టె నుంచే తెగిపోయిన మాటలొస్తున్నాయి. చూడండి, అన్నీ సగం సగం.”

ఆమె చటుక్కున అతని వైపు తిరిగింది. ఆమె ఎందుకలా చూసిందో తెలియక అతను కాస్త వెనక్కి జరిగాడు.

“వాళ్ళ పెట్టె వచ్చేదాకా మాది బాగానే ఉంది మేడమ్,” అన్నాడు నీలం పెట్టె కుర్రాడు. కానీ గొంతులో పస లేదు. తప్పుల లెక్క తన పెట్టె మీదే కనిపిస్తుంటే పాపం ఏం వాదిస్తాడు. లైట్లు చూస్తే రెండు వైపులా పచ్చగా వెలుగుతున్నాయి. దూరం నుంచి చూసేవాళ్ళకి చక్కని సంసారం.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని రెండు పెట్టెల సెట్టింగులూ పక్కపక్కన తెరిచింది. కాసేపటికి దొరికింది. నల్ల పెట్టెని బిగించినవాడు దానికి ఒక్కటే చెప్పి వెళ్ళాడు: నీ ఇష్టం వచ్చినప్పుడు మాట్లాడు, అవతలివాళ్ళు మాట్లాడుతున్నారా లేదా అని చూడక్కర్లేదు. నీలం పెట్టెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. పరిస్థితిని బట్టి సర్దుకోమని వదిలేశారు. అలా వదిలేసిన పెట్టె, మన ఇద్దరం ఎలా మాట్లాడుకుందామని అవతలిదాన్ని అడుగుతుంది. జవాబు రాలేదా, తనే తగ్గిపోతుంది. ముందు వింటుంది, అవతల నిశ్శబ్దంగా ఉంటేనే నోరు తెరుస్తుంది, మధ్యలో అవతలిది మాట్లాడితే తన మాట అక్కడికక్కడే తుంచేసి ఆగిపోతుంది. ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్తుంది. మళ్ళీ తుంచేస్తుంది. తుంచిన ముక్కలు అవతలికి వెళ్తాయి. అవతలిది వాటిని లెక్కపెట్టి, ఇది సగం సగం మాటలు పంపుతోందని రాసుకుంటుంది.

ఈ రోగం ఆమెకి కొత్తది కాదు, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే నేర్చుకుంది. ఎన్నోసార్లు బాగుచేసింది. అయినా ఇవాళ ఆ సెట్టింగుని మళ్ళీ మొదటి నుంచి చదివింది. తనని కూడా తగ్గమని ఎవరూ గట్టిగా చెప్పలేదు, కొట్టి నేర్పలేదు. అవతలి నుంచి జవాబు రాలేదు, తనే తగ్గింది. ఇన్నేళ్ళూ తప్పులన్నీ తన ఖాతాలోనే పడుతుంటే, నిజంగానే తనకి సరిగ్గా మాట్లాడటం రాదేమో అనుకుంది. ఆఫీసులో అంతమందితో మాట్లాడే మనిషి, ఇంట్లో ఒక్కడికి ఒక్క వాక్యం చెప్పలేకపోతే ఆ ఒక్కడి వైపు ఎందుకు చూడలేదు? తన మీద తనకే అసహ్యం వేసింది. వెంటనే ఆ అసహ్యం కూడా తన ఖాతాలోనే వేసుకుంటోందని తెలిసి మరింత మండింది.

“మీ పెట్టెని ఇలా ఎవరు పెట్టారు?” అంది నల్ల పెట్టె అతనితో.

“మేం ఎప్పుడూ అలాగే పెడతాం మేడమ్. మా కంపెనీలో అంతే.”

“అవతల ఏముందో చూడరా?”

“అవతలిది సర్దుకుంటుంది కదా మేడమ్,” అన్నాడతను, అమాయకంగానే.

ఆమె నీలం పెట్టె సెట్టింగు మార్చింది. అడగక్కర్లేదు, తగ్గక్కర్లేదు, నువ్వు కూడా నీ ఇష్టం వచ్చినప్పుడు మాట్లాడు అని పెట్టింది. పైనుంచి స్కానింగ్ డాక్టరు ఫోన్ చేసి బొమ్మలు టపటపా వచ్చేస్తున్నాయన్నాడు. థాంక్స్ చెప్పలేదు.

సాయంత్రం మేనేజరుగారి గదికి వెళ్ళింది.

“నీలం పెట్టె తప్పేనటగా అమ్మా. పాతబడిపోయింది. తీసి పారేద్దామా?”

“దాని తప్పు కాదు సార్. బాగానే పనిచేస్తోంది.”

“సరే. మరి ఇంట్లో అడిగావా?”

“లేదు సార్. ఇంట్లో చెప్తాను.”

“అదేలే, అడుగు మరి. కుర్రాడు ఎదురుచూస్తున్నాడు.”

“నేను తీసుకుంటున్నాను సార్. ఆర్డర్ నా పేరు మీద వెయ్యండి.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇంటికి ఇబ్బంది అవుతుందేమో చూసుకో తల్లీ,” అన్నాడు. ఇబ్బంది అవుతుంది సార్, ఇన్నాళ్ళూ ఇల్లు హాయిగా ఉంది, కొంచెం కావాలి దానికి ఇబ్బంది, అందామనుకుంది. అనలేదు. అక్కడే నిలబడి, ఆయన ఆర్డర్ మీద సంతకం పెట్టేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చి, చీర మార్చుకుని, వంట చేసింది. నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. అత్తగారు ఎప్పటిలాగే చివరి కుర్చీలో తలవంచుకుని అన్నం మెత్తగా పిసుక్కుంటున్నారు.

“నాన్నా, మా క్లాసులో ఇవాళ...” అంది కూతురు.

“ఇవాళ మా మేనేజర్ చేసిన పని చెప్తే నవ్వుతారు,” అన్నాడతను.

కూతురు నోరు మూసుకుంది. అలగలేదు, మొహం కూడా మాడ్చుకోలేదు. ముద్ద చేతిలో పట్టుకుని, తండ్రి అయ్యేదాకా ఓపిగ్గా చూస్తోంది. ఈ పిల్లకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. జవాబు రాలేదు, తగ్గింది.

“ఏవండీ, కొత్త బిల్డింగ్ నాకిచ్చారు,” అంది ఆమె.

“వాడు మీటింగ్‌లో అందరి ముందూ...”

“సోమవారం నుంచి పొద్దున్నే వెళ్ళిపోతాను.”

“ఉండు, చెప్పనీ. అందరి ముందూ లేచి...”

ఆమె ఉండలేదు. గొంతు పెంచలేదు, వేగం పెంచలేదు, అతని మొహంలోకే చూస్తూ చెప్పుకుపోయింది. “పాపని మీరు లేపాలి. డబ్బాలో టిఫిన్ పెట్టి బస్సెక్కించాలి. అత్తయ్యకి పొద్దున మాత్రలు రెండు, తెల్లది తినకముందు, పచ్చది తిన్నాక. పాలు మీరు కాచాలి.” అతనూ మాట్లాడుతూనే ఉన్నాడు. అతని మేనేజరూ ఆమె పాలూ బల్లమీద ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఆగిపోదామని ఆమెకి ప్రాణం లాగింది. ఆగలేదు. చివరికి అతని మేనేజరే ఎక్కడో తడబడి ఆగిపోయాడు.

“ఏంటది?” అన్నాడు విసుగ్గా. “నేను మాట్లాడుతుంటే నువ్వూ మాట్లాడితే నాకేం వినపడుతుంది? మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పడం. ఇన్నేళ్ళుగా ఆమె చేసింది అదొక్కటే. ఆమె లేచి కంచం తీసుకుంది. నాలుగు కంచాల్లో తనదొక్కటే తీసుకుంది.

“చెప్పానండీ,” అంది.

అతను దిక్కుతోచక కూతురి వైపు చూశాడు. కూతురు తల్లి వైపు చూసింది. బల్ల చివర అత్తగారు పిసుకుతున్న అన్నం ఆపి, తల కొంచెం ఎత్తారు.

“నాకు వినపడిందిరా,” అన్నారు.