కిటికీ అద్దం మీద ముక్కు

ఎలుగుబంటిని చూడాలని వచ్చినవాడు దారిపొడవునా ఎలుగుబంట్లను తరుముకుంటూ నడవడం పరాస్కా తన డెబ్భై ఏళ్ల బతుకులో ఎక్కడా చూడలేదు, ఒక్క అల్లుడు ఎల్డన్ విషయంలో తప్ప.

"హోయ్ ఎలుగూ! వస్తున్నాం! పక్కకి జరుగు!"

ఎల్డన్ వృత్తి పశువుల సంతలో వేలంపాట. కెనడాలోని సస్కచ్వాన్ రాష్ట్రం మొత్తం మీద మైకు పాడైనా పాట ఆపని మొనగాడు అతనొక్కడే. కొండదారిలో ప్రతి మలుపు దగ్గరా ఆ గొంతు విప్పేవాడు. కేక పెట్టడం తప్పు కాదు, ఆ కొండల్లో నడిచేవాళ్లంతా పెడతారు. చప్పుడు చేయకుండా వెళ్లి మూపురమున్న ఆ గ్రిజ్లీ ఎలుగు మీద పడితే అది ఉలిక్కిపడుతుంది. ఆ తర్వాత ఉలిక్కిపడటానికి మనం మిగలం. అందుకని జనం కబుర్లు చెప్పుకుంటూ, చప్పట్లు కొడుతూ, ఏమీ తోచకపోతే పాటలు పాడుతూ నడుస్తారు. కాకపోతే వాళ్లు మనుషుల గొంతుతో అరుస్తారు. ఎల్డన్ అరిస్తే అవతలి లోయలో కొండగొర్రెలు కాపురం మార్చేసేవి.

"నాన్నా, నువ్విలా అరుస్తుంటే మనకి ఎలుగు ఎలా కనబడుతుంది?" అంది కెల్సీ. పరాస్కా మనవరాలు. పద్నాలుగేళ్లు, మోకాలికి దెబ్బ, మొహం నిండా విసుగు.

"అరవకపోతే దానికి మనం కనబడతాం."

"మరి దాన్ని చూడ్డానికేగా వచ్చాం?"

"మర్యాదగా, దూరం నుంచి చూడ్డానికి. హోయ్ ఎలుగూ!"

పరాస్కా వెనకాల కర్ర పోటేసుకుంటూ వస్తోంది. లోపల మాత్రం అల్లుడి గొంతుకి దండం పెట్టుకుంది. అరువు నాయనా, ఇంకా గట్టిగా అరువు. ఇవాళ ఒక్కరోజు గడిస్తే చాలు.

ఎందుకంటే పందెం ఉంది.

ఎల్డన్ ఏటా వేసవిలో పెళ్లాం బిడ్డల్నీ అత్తగారినీ స్టేషన్ వ్యాగన్‌లో కుక్కి జాస్పర్ కొండలకు తీసుకొస్తాడు. ఇన్నేళ్లలో వాళ్లు దుప్పుల్ని చూశారు, కొండగొర్రెల్ని చూశారు, ఒక మూస్ దుప్పి వెనక భాగాన్ని చాలాసేపు చూశారు. ఎలుగు మాత్రం తోక కూడా చూపించలేదు. ఆ తోకా ఎంతని, బొటనవేలంత.

పోయిన క్రిస్మస్ భోజనాల దగ్గర పరాస్కా చెంచా బల్లకేసి కొట్టింది. "మా అక్క స్టెఫాకి సరస్సు ఒడ్డున ఇల్లుంది. మెత్తటి ఇసుక ఉంది. గురువారం గురువారం బింగో ఆట ఉంది. ముసల్ది ఒక్కతే కూచుని ఉంది. నేనేమో ప్రతి వేసవీ రాళ్లకి దండాలు పెట్టుకుంటూ తిరుగుతున్నా. ఇంకెన్ని వేసవులున్నాయి మా ఇద్దరికీ?"

ఎల్డన్ అప్పటికే రెండు గ్లాసుల మీదున్నాడు. లేచి నిలబడ్డాడు. "అయితే వినండి అత్తయ్యా! వచ్చే వేసవిలో ఆఖరి రోజు సాయంత్రం లోపల ఎలుగు కనబడకపోతే, ఆ పై ఏడు సరస్సుకే. కనబడిందో, నేను బతికున్నన్నాళ్లూ కొండలే, ఎవరూ సణగకూడదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" బల్ల గుద్దాడు. గ్రేవీ గిన్నె పడింది.

అతని పెళ్లాం, అంటే పరాస్కా కూతురు నాడియా, గ్రేవీ తుడుస్తూ తీర్పరి పదవి తనే తీసుకుంది. "మనలో ఎవరు చూసినా చూసినట్టే. కానీ రుజువు కావాలి. మీ ఇద్దర్లో ఎవర్నీ నేను నమ్మను."

కెల్సీ వెంటనే అమ్మమ్మ పక్షం చేరింది. సరస్సులో మోటారు పడవ నడిపే కుర్రాడొకడు ఉన్నాడని ఆ పిల్లకి ఎవరో చెప్పారు.

ఇవాళ ఆ ఆఖరి రోజు.

కొండ దిగి బండి దగ్గరికొచ్చారు. ఎలుగు లేదు. ఎలుగు అడుగు లేదు. ఎలుగు పేడ ఒకచోట కనబడితే ఎల్డన్ మోకాళ్లూని కెమెరా తీశాడు గానీ, పేడ చూస్తే ఎలుగుని చూసినట్టు కాదని నాడియా కొట్టిపారేసింది.

బండిలో వెనక సీటు మీద పరాస్కా గిన్నె ఉంది. క్యాబేజీ చుట్టలు. ఉడికించిన ఆకులో అన్నం, పంది మాంసం, ఉల్లిపాయ పెట్టి చుట్టి, టమాటా పులుసులో మగ్గించినవి. ఆవిడ అమ్మమ్మ ఉక్రెయిన్ నుంచి ఓడెక్కినప్పుడు తెచ్చుకున్న ఆస్తంతా ఆ వంట ఒక్కటే. వెల్లుల్లి మాత్రం పరాస్కా చెయ్యి. ఆ చెయ్యి చాలా ధారాళం.

"అద్దం దించండి, అద్దం దించండి," అన్నాడు ఎల్డన్ బండి తీస్తూ. "అత్తయ్యా, ఏమీ అనుకోవద్దు. ఇన్నేళ్లలో మనకి ఎలుగు ఎందుకు కనబడలేదో ఇప్పుడర్థమైంది. ఆ గిన్నెని ఎలుగుబంటి కూడా ముట్టదు."

ఈ ముక్క అతను ఈ వారంలో రోజూ అంటున్నాడు. ప్రతిసారీ తనే మొదటిసారి విన్నట్టు నవ్వుతున్నాడు. పరాస్కా గిన్నెని తువ్వాలుతో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. సరస్సు, అనుకుంది. ఇసుక. స్టెఫా. ఇంకో నాలుగు గంటలు ఓర్చుకో.

అప్పుడే ఎల్డన్ బ్రేకు మీద నిలబడ్డాడు.

"అదిగో!"

రోడ్డుకి ఎడం పక్క పచ్చికబయలు. దాని అవతలి అంచున, చెట్లకింద, నల్లగా, బొద్దుగా ఏదో కూచుని ఉంది.

కొండల్లో రోడ్డు మీద ఒక బండి ఆగితే వెనకొచ్చే బండి ఎందుకు అని అడగదు, తనూ ఆగుతుంది. రెండు బండ్లాగితే మూడోది ఎలుగే అనుకుంటుంది. పది ఆగితే ఇక అది ఎలుగే, కాదన్నవాణ్ణి జనం కొడతారు. చూస్తుండగానే రోడ్డు తిరునాళ్లయిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి. మూడు కాళ్ల కెమెరాలు, భుజాల మీద పిల్లలు, చేతుల్లో సాండ్‌విచ్‌లు.

"గ్రిజ్లీ! ఆడది!" అన్నాడు కాల్గరీ అని రాసున్న టోపీ పెట్టుకున్న ఒక లావుపాటాయన. "చెవి ఊపింది, నేను చూశా!"

"పిల్ల కూడా ఉంది!" అంది ఇంకెవరో.

"ఎవరూ దగ్గరికి పోవద్దు! అందరూ వరసలో నిలబడండి! పొట్టివాళ్లు ముందుకి!" ఎల్డన్ గొంతు జనం మీద వేలంపాటలా సాగింది. కాళ్లు నేలమీద ఆనడం లేదు. నాడియా, కెల్సీ దిగి అతని వెనకే పరిగెత్తారు.

"నువ్వు రావా అమ్మా?"

"మోకాళ్లే. నడిచి నడిచి పోయాయి. మీరు చూడండి." పరాస్కా కదల్లేదు. ఓడిపోయే పందెం చూడ్డానికి పరిగెత్తడం ఎందుకు?

బండిలో ఒక్కతే మిగిలింది. జనమంతా ఎడం పక్క, అందరి వీపులూ ఇటువైపు. కుడి పక్క ఒక కాలువ గట్టు, గట్టు నిండా ఎర్రటి అడవి పళ్ల పొదలు.

పొదలు కదిలాయి.

గాలి, అనుకుంది పరాస్కా. గాలికి గురక ఉండదు.

పొదల్లోంచి ముందు తల వచ్చింది. తర్వాత భుజం వచ్చింది, దాని మీద మూపురం వచ్చింది, తర్వాత మిగతాది వస్తూనే ఉంది. గోధుమరంగు గ్రిజ్లీ. మూతి నిండా ఎర్రటి పళ్ల రసం. అది రోడ్డెక్కింది, ఒకసారి ఆవలించింది, జనం వీపుల్ని ఒక చూపు చూసింది. తర్వాత ముక్కు పైకెత్తి గాలిని పీల్చింది.

నేరుగా బండి దగ్గరికొచ్చింది.

కిటికీ వేలెడంత తెరిచుంది. పరాస్కా చెయ్యి దానంతటదే పిడి మీదికి వెళ్లింది. తిప్పింది. నెమ్మదిగా, కిర్రుమనకుండా, పాలు తాగే పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు. అద్దం పైకి చేరడం, ముక్కు అద్దానికి ఆనడం ఒకేసారి జరిగాయి.

చాయ్ సాసరంత ముక్కు.

ఊపిరికి అద్దం మసకబారింది. మసక వెనక రెండు చిన్న కళ్లు. అవి పరాస్కాని చూడటం లేదు. ఆవిడ ఒళ్లో గిన్నెని చూస్తున్నాయి. ఆశగా, భక్తిగా, పెళ్లి భోజనాల దగ్గర రెండో పంక్తిలో కూచున్నవాడి చూపు.

అరవచ్చు. ఒక్క కేక పెడితే నలభై తలలు తిరుగుతాయి. ఎల్డన్ తల ముందు తిరుగుతుంది. తిరిగిందా, సరస్సు పోయినట్టే. చచ్చేదాకా రాళ్లే.

పరాస్కా నోరు మూసుకుంది.

ఎలుగు నాలుక చాపింది. అద్దాన్ని కింది నుంచి పైదాకా, సాంతం, ఏ మూలా వదలకుండా నాకింది. ఒక నిట్టూర్పు వదిలింది. తర్వాత వెనక్కి తిరిగి, బండ్ల వెనకనుంచి, చప్పట్లు కొడుతున్న జనానికి పది బారల దూరంలోంచి నింపాదిగా నడిచి, రోడ్డు దిగి కాలువ అవతలి చెట్లలోకి వెళ్లిపోయింది. ఒక్కడూ వెనక్కి చూడలేదు.

"నాన్నా," అంది కెల్సీ అవతల, దుర్భిణి కళ్లకి పెట్టుకుని. "నీ ఎలుగు నెత్తిమీద ఉడుత కూచుని గింజలు తింటోంది."

ఎల్డన్ దుర్భిణి లాక్కున్నాడు.

"మొద్దు, నాన్నా. కాలిపోయిన చెట్టు మొద్దు."

జనం నవ్వారు, కొందరు తిట్టారు, తలుపులు మూసుకున్నారు. కాల్గరీ టోపీ ఆయన మాత్రం తను చూసింది చెవి ఊపిందనే అంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం గుడారాల దగ్గర చెక్కబల్ల చుట్టూ కూచున్నారు. ఆ ఉత్తర దేశపు వేసవి ఎండ ఇంకా బల్లమీద వాలుగా పడుతూనే ఉంది. ఎల్డన్ టోపీ తీసి పక్కన పెట్టాడు.

"గెలిచారు అత్తయ్యా. మాట మాటే. వచ్చే ఏడు సరస్సు." అతని గొంతు పక్క గుడారం దాకా కూడా వెళ్లలేదు. జబ్బు చేసిందేమో అని నాడియా నుదురు పట్టి చూసింది.

పరాస్కాకి నవ్వు ఆపుకోవడానికి రెండు చేతులా పని కావాలి, అందుకని క్యాబేజీ చుట్టలు వేడిచేసింది. వడ్డించింది. గెలిచిన రోజు కదా అని అల్లుడికి మూడు వేసింది.

ఎల్డన్ పళ్లెంలోకి చూశాడు. వాసన చూశాడు. ఓడిపోయినవాడికి ఆ మాత్రం హక్కుంటుందనుకున్నాడు కాబోలు.

"సాసేజీ ఉంటే పడెయ్ నాడియా. దీన్ని ఎలుగుబంటి కూడా ముట్టదు."

గరిటె గిన్నెలో పడింది.

"ముట్టదా?" అంది పరాస్కా.

"అమ్మమ్మా..." కెల్సీకి ఏదో కీడు తోచింది.

"ముట్టదా? ఏమయ్యా, ముట్టదా? నువ్వక్కడ మొద్దు దగ్గరికి గొర్రెల్ని తోలినట్టు జనాన్ని తోలుతుంటే, గ్రిజ్లీ, ఇదిగో ఇంత మూపురం ఉన్న గ్రిజ్లీ, నా కిటికీ దగ్గర నిలబడి నా వంట కోసం చొంగ కార్చుకుంది! అద్దం నాకింది! అడుగు నుంచి అంచు దాకా నాకింది! దానికి తెలిసిన రుచి నీకు తెలుసా?"

చెప్పేసింది. తనేమందో అప్పుడు తనకే వినబడింది. సరస్సు, ఇసుక, గురువారం బింగో వరసగా కళ్లముందు మునిగిపోయాయి.

"అమ్మా," నాడియా జాలిగా చెయ్యి పట్టుకుంది. "ఆయన మొహం చూసి అబద్ధం ఆడక్కర్లేదు. నువ్వు గెలిచావు."

"అబద్ధమా?" దెబ్బమీద దెబ్బ. "నేను అబద్ధం ఆడతానా?"

"రుజువుందా మరి?"

"బండికుంది, పోయి చూడు!"

అందరికంటే ముందు లేచింది కెల్సీ. గిన్నెలు తోమే తడిగుడ్డ అందుకుని బండివైపు లేడిపిల్లలా పరిగెత్తింది. మోటారు పడవ కుర్రాడి భవిష్యత్తు ఇప్పుడు ఆ గుడ్డలో ఉంది.

"పట్టుకోండి దాన్ని!" పరాస్కా లేచింది. పొద్దున్నించీ పోయిన మోకాళ్లు ఎక్కణ్ణుంచో తిరిగొచ్చాయి. బల్లని చుట్టి, గుడారం తాడు దాటి, మనవరాలి కంటే అరక్షణం ముందు బండికి చేరి, వీపు అద్దానికి ఆనించకుండా చేతులు బార్లా చాపి నిలబడింది.

"తప్పుకో అమ్మమ్మా! సరస్సు! స్టెఫా అమ్మమ్మ! ఇసుక!"

"నా వంట జోలికొచ్చాక సరస్సు లేదు, సముద్రం లేదు. గుడ్డ కింద పడెయ్!"

ఎల్డన్ వచ్చాడు. పరాస్కా పక్కకి జరిగింది. వాలు ఎండ అద్దం మీద పడింది.

సాసరంత ముక్కు అచ్చు. దాని కింద నాలుక గీసిన వెడల్పాటి చార. చార నిండా ఎండిన ఎర్రటి పళ్ల రసం. రబ్బరు అంచులో ఇరుక్కుని, గాలికి ఊగుతూ, ఒక గోధుమరంగు వెంట్రుక.

ఎల్డన్ చెయ్యి ముక్కు అచ్చు దాకా తీసుకెళ్లి, ముట్టకుండా ఆపాడు.

"అది ఇక్కడున్నప్పుడు నేనెటు చూస్తున్నాను?"

"మొద్దు వైపు," అంది పరాస్కా. కాస్త జాలేసింది. "అది నీ వెనకనుంచే వెళ్లింది. చెయ్యి చాపితే తోక అందేది."

"రుజువు సరిపోయింది," అంది నాడియా. కెల్సీ గుడ్డ నేలకేసి కొట్టి, తను అనాథాశ్రమంలో చేరుతున్నట్టు ప్రకటించింది.

ఎల్డన్ గొంతుకి ప్రాణం వచ్చింది. ఛాతీ నిండా గాలి పీల్చాడు. "కొండలు! ఒకటోసారి! రెండోసారి!"

"ఆగు," అంది పరాస్కా.

"పందెం పందెమే అత్తయ్యా."

"కాదన్నానా? కొండలే. కానీ ఈ సంగతి స్టెఫాకి చెబితే నమ్ముతుందనుకున్నావా? బింగోలో గెలిచానంటేనే కార్డు చూపించమంది మహాతల్లి. వచ్చే ఏడు అదీ వస్తుంది. వెనక సీట్లో నా పక్కన కూచుంటుంది. గిన్నె మధ్యలో ఉంటుంది. నువ్వు అరవడానికి వీల్లేదు. బండి ఎక్కడ ఆపాలో మేం చెబుతాం. మాతో వచ్చేవాడివైతే రా, లేదా మొద్దుల దగ్గరికి పో."

ఎల్డన్ వెనక సీటు వైపు చూశాడు. ఇద్దరు ముసలమ్మల్ని, రెండింతల వెల్లుల్లిని, వెయ్యి కిలోమీటర్ల ప్రయాణాన్ని ఊహించుకున్నాడు. తర్వాత అద్దం మీద ముక్కు వైపు చూశాడు.

"మూడోసారి," అన్నాడు నీరసంగా.

బల్ల దగ్గరికి తిరిగొచ్చారు. ఎల్డన్ కూచున్నాడు. చల్లారుతున్న పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. క్యాబేజీ చుట్ట ఒకటి ఫోర్కుతో కోసి నోట్లో పెట్టుకుని నమిలాడు. ముగ్గురాడవాళ్లూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అంది పరాస్కా.

"పాపం," అన్నాడు ఎల్డన్, "దానికి బాగా ఆకలేసినట్టుంది."

అని రెండోది తీసుకున్నాడు.