గురవమ్మ అడిగిన ఫొటో

నేను ఒక కెమెరాను. పెళ్లి పందిళ్లలో పొడుగు లెన్సులు తగిలించుకుని తిరిగే గొప్పవాళ్ల కోవలోదాన్ని కాను. "నేర్చుకునేవాళ్లకి బావుంటుందండీ" అని దుకాణాల్లో చూపిస్తారే, ఆ రకం. ఆ మాటలో పొగడ్త పాలెంతో, చిన్నచూపు పాలెంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. తెల్లటోపీలు పెట్టుకుని, మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని నన్ను తయారు చేశారు. నా లోపలి అద్దం బిగించినామె దాని మీద ఆవిరి పడుతుందేమోనని తల పక్కకి తిప్పి మరీ ఊపిరి వదిలేది. అంత శ్రద్ధగా చేసిన ఆమె నాలాంటి దానితో తన పిల్లల ఫొటో ఒక్కటైనా తీసుకుందో లేదో. తర్వాత అట్టపెట్టె, ఓడ, లారీ, ఇంకో లారీ. పెట్టె మూత తెరిచేసరికి ఒంగోలు.

తెరిచినాయన మస్తాన్‌వలీ గారు. ముప్పయ్యేళ్లు ఫొటో స్టూడియో నడిపి, రీళ్ల కాలం పోయాక అదే గదిలో కెమెరాలు అమ్ముకుంటున్న పెద్దమనిషి. వచ్చినవాళ్లు చేత్తో పట్టుకుని చూడటానికి ఒక కెమెరా బయట ఉండాలి కదా, ఆ పనికి నన్ను పెట్టారు. మిగతావన్నీ పెట్టెల్లో హాయిగా నిద్రపోతుంటే, నేను మాత్రం మూత పెట్టిన కళ్లతో కౌంటర్ మీద కూర్చుని రోజంతా మనుషుల మాటలు వింటూ ఉండేదాన్ని.

"ఎన్ని మెగాపిక్సెల్స్?" అనేది అందరూ అడిగే మొదటి ప్రశ్న. వంటవాణ్ణి పిలిచి నీ గిన్నె ఎన్ని లీటర్లు పడుతుందని అడిగినట్టు ఉండేది నాకు. ఏ ఫొటో తీద్దామనుకుంటున్నారని వలీ గారు అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. నన్ను ఎత్తి, వలీ గారి మొహాన్నే ఒక ఫొటో కొట్టి, పక్కనున్న పెద్ద కెమెరాని చూపించి, "అదెంత?" అనేవారు.

ఒక గురువారం మధ్యాహ్నం సువార్త వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. మార్కాపురంలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. గురువారం సెలవు, అందుకని రెండున్నర గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టింది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రాసుకున్న కెమెరాల పేర్లు, గీతలు, కొట్టివేతలట. వలీ గారు నాలుగు పేజీలు తిప్పి నవ్వారు.

"ఐఏఎస్‌కి చదువుతున్నావా అమ్మా?"

"ఒక్కసారే కొంటానండీ. తప్పుది కొనకూడదు" అంది ఆమె. "చదువు మా నాన్న చెప్పింది చదివాను. ఉద్యోగం మా మామయ్య చూపించింది చేస్తున్నాను. ఇదొక్కటే నా అంతట నేను ఎంచుకునేది. అందుకే భయం."

వలీ గారు నవ్వడం ఆపి స్టూలు జరిపారు. "కూర్చో. ఇంతకీ ఎవరి ఫొటో తియ్యాలి?"

అప్పుడు చెప్పింది గురవమ్మ సంగతి.

గురవమ్మ బడిపిల్లల పలకలు చేసే పనిలో ముప్పయ్యేళ్లు రాయి కోసిన మనిషి. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, రెండు నెలలకోసారి ఎక్స్‌రేకి వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఫిలిం చేతికిస్తే కిటికీకి అడ్డం పెట్టుకుని చూసి, "ఏందమ్మా ఇది, దీంట్లో నేనేడున్నా?" అందట.

"అవి నీ ఊపిరితిత్తులు గురవమ్మా."

"లోపలిది బానే తీశావు తల్లా. పైది కూడా ఒకటి తియ్యరాదూ! రేషన్ కార్డు మీద ఉండాది గానీ, దొంగతనం చేసి దొరికినదాని మాదిరి ఉంటా. నవ్వే ఫొటో ఒక్కటి లేదు నాకు."

సువార్త ఫోనుతో తీసి చూసింది. ఆ రోజుల్లో ఫోను ఫొటో అంటే బురదనీళ్లలో మొహం చూసుకున్నట్టు ఉండేది. "మంచి కెమెరా కొని తీస్తాను" అని మాటిచ్చింది. అప్పటినుంచి గురవమ్మ ఎప్పుడొచ్చినా మొదటి మాట ఒకటే: "వచ్చిందా నీ కెమెరా?"

వలీ గారు నా మూత తీసి నన్ను ఆమె చేతుల్లో పెట్టారు.

చాలా చేతుల్లో ఆడినదాన్ని నేను. ఒక్కొక్కరు ఇటుకలా పట్టుకునేవాళ్లు, ఒక్కొక్కరు పేలుతుందేమో అన్నట్టు. ఆమె నన్ను ఎడమ అరచేతిలో ఆన్చుకుంది. మోచేతులు పక్కలకి చేర్చింది. ఎవరూ చెప్పకుండానే ఊపిరి బిగబట్టి, అప్పుడు నొక్కింది.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నారు వలీ గారు.

"రోజుకి యాభైమందికి చెప్తాను కదండీ, ఊపిరి బిగబట్టండి, కదలకండి అని. ఇవాళ నాకు నేను చెప్పుకున్నాను."

ఆ క్షణంలోనే నేను ఆమెదాన్నయిపోయాను. ఆమె మాత్రం నాది కాలేదు. నన్ను కౌంటర్ మీద పెట్టి, "ఆలోచించుకుని వస్తాను" అని మార్కాపురం బస్సు ఎక్కేసింది.

గురువారం గురువారం వచ్చేది. ఒకసారి, "మా డాక్టరు గారి తమ్ముడు దసరాకి కొత్త మోడల్ వస్తుంది, ఆగమన్నాడు" అంది. ఇంకోసారి పక్కనున్న పెద్ద కెమెరాని అరగంట పట్టుకుని కూర్చుంది. నేను మూత కింద ఎంత కుమిలిపోయానో నాకే తెలుసు. మూడోసారి నోటుపుస్తకం అయిపోయి కొత్తది తెచ్చింది. వలీ గారు ఆ పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టారు.

"చూడు తల్లీ. నువ్వు తీసేది మొహాలు. తీసేది చిన్న చిన్న ఇళ్లల్లో, వెలుతురు తక్కువున్న చోట. ఈ చిన్నదాన్ని తీసుకో, దీనికి తక్కువ వెలుతురులోనూ పనిచేసే ఈ ఫిఫ్టీ లెన్సు పెట్టుకో. డబ్బా కంటే ముందున్న అద్దం ముఖ్యం. ఆ పెద్దది కొంటే నాకు లాభమే. కానీ దాని బరువుకి నువ్వు నాలుగు రోజులు మోసి ఐదో రోజు బీరువాలో పెడతావు. బీరువాలో ఉన్న కెమెరాలన్నీ ఒకటేనమ్మా."

"నిజమే" అంది సువార్త. "వచ్చే వారం వచ్చి ఇదే తీసుకుంటాను."

వచ్చే వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఈలోగా పెళ్లి కుదిరిన కుర్రాడొకడు నన్ను అడిగితే, "అది అమ్ముడైపోయింది" అని అబద్ధమాడారు వలీ గారు. ఆ అబద్ధానికి నేను ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను. దుకాణం తలుపు కిర్రుమన్న ప్రతిసారీ మోచేతులు పక్కలకి చేర్చే ఆ మనిషేనేమో అనుకునేదాన్ని. గొడుగులు దులుపుకునేవాళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తారా అని అడిగేవాళ్లు వచ్చిపోయేవారు.

కార్తీకంలో ఒక మంగళవారం ఆమె వచ్చింది. నోటుపుస్తకం లేదు. నిలబడే, "ఇవ్వండి" అంది.

"ఇవాళ సెలవా?"

"పెట్టి వచ్చాను. గురవమ్మ ఈసారి ఎక్స్‌రేకి రాలేదండీ."

వలీ గారు బ్యాటరీ నింపి, కార్డు వేసి, ఆయన చేత్తోనే నా పట్టీ ఆమె మెడలో వేశారు.

మర్నాడు పొద్దున్నే గురవమ్మ ఇంటికి బయల్దేరాం. దారికి రెండు పక్కలా పనికిరాని పలకముక్కల గుట్టలు, వాటి మీద వాన తడి. ఎండ పడి మెరుస్తుంటే నాకు వాటిని తీయాలనిపించింది. ఆమె ఆగలేదు. దాదాపు పరుగే.

గురవమ్మ బతికే ఉంది. గుమ్మానికి ఎదురుగా నులక మంచం మీద, వెనక రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. కూతురు అంకమ్మ స్టూలు తుడిచి వేసింది.

"వచ్చిందా నీ కెమెరా?" అంది గురవమ్మ. గొంతులో ఈల.

సువార్త నన్ను ఎత్తింది. అప్పుడు చూశాను ఆ మనిషిని. చెక్కిళ్లు లోపలికి పోయిన చిన్న మొహం. ముక్కుకి రాతిపొడిలో మాసిన పుడక. గుమ్మంలోంచి వచ్చే వెలుగంతా ఆ కళ్లలోకే వచ్చి కూర్చున్నట్టుంది. నా లెన్సు మెల్లగా తిరిగి ఆ కళ్ల దగ్గర నిలిచింది. అటువంటి వెలుగు, అటువంటి మొహం మళ్లీ నాకు పడలేదు.

గురవమ్మ అరచెయ్యి ఎత్తింది. "వద్దు తల్లా."

"నువ్వే అడిగావు కదా. ఒక్కటి."

"అడిగినప్పుడు మొగం ఉండె. ఇప్పుడు నవ్వబోతే దగ్గొస్తాంది. నవ్వనిది నాకెందుకు?"

సువార్త వేలు మీట మీదే ఉంది. చిన్న ఒత్తిడి చాలు. చెప్పాపెట్టకుండా నొక్కేస్తే ఆ మంచంలో ఉన్న మనిషికి తెలిసేది కూడా కాదు. నొక్కమని నేను లోపల్లోపల బతిమాలాను. ఆమె వేలు తీసేసి నన్ను ఒళ్లో పెట్టుకుంది.

"నేను ఆలస్యం చేశాను గురవమ్మా."

"చేశావు" అంది గురవమ్మ. కోపంగా అనలేదు. వాన పడింది అన్నట్టు అంది. కాసేపు ఊపిరి పీల్చుకుని, "ఇట్టరా. నా పక్కన కూచో. ఈడ్నించి నాకు కనపడేది తియ్యి. నెల బట్టి అదే చూస్తాండా. బాగుంటది."

సువార్త మంచం మీద ఆమె పక్కనే ఒదిగి, తన తల ఆమె తల పక్కకి చేర్చి నన్ను గుమ్మం వైపు ఎత్తింది. వీధి కుళాయి. బిందెల వరస. ఎదురుగోడ పక్క పలకల గుట్ట, దాని కిందే తచ్చాడుతున్న మేకపిల్ల. గుమ్మం మెట్టు మీద అంకమ్మ కూర్చుని తన కూతురికి జడ వేస్తోంది.

"ఆగు... ఆ మేక గుట్ట ఎక్కాల. రోజూ ఎక్కుద్ది. ఆఁ... ఇప్పుడు కొట్టు!"

నా బతుకులో మొదటి సరైన ఫొటో అదే. తీసింది సువార్త వేలే గానీ, ఎప్పుడు నొక్కాలో చెప్పింది గురవమ్మ. వెనకాల తెరమీద చూపిస్తే, అరిగిపోయిన వేలితో ఆ మేకని తాకి, "ఇదే. నేను చూసేది ఇదే" అంది.

పదహారు రోజులకి ఆమె పోయింది.

దినం చేసే ముందు అంకమ్మ ఆసుపత్రికి వచ్చింది. "ఒక్కటన్నా తీశారా మేడమ్? దండ వెయ్యడానికి."

"లేదు. వద్దంది."

"వద్దంటే ఊరుకున్నారా?"

సువార్త గుమ్మం ఫొటో పెద్దదిగా వేయించి ఉంచింది, అది ఇచ్చింది. అంకమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీంట్లో మా అమ్మ లేదు కదా మేడమ్" అని బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఆ రోజు ఎక్స్‌రే గదిలో సువార్త, ఊపిరి బిగబట్టండి అని చెప్పాక, వదలమని చెప్పడం రెండుసార్లు మర్చిపోయింది.

నెల తర్వాత అంకమ్మ మళ్లీ వచ్చింది. "ఆ బొమ్మ ఉంటే ఇయ్యండి మేడమ్. నిన్న అమ్మ మంచం మీద ఒరిగితే, అట్నే కనపడింది."

ఆ తర్వాత సువార్త ఎవరికీ "రేపు" అని చెప్పలేదు. ఎక్స్‌రే అయినవాళ్లు, "పైది కూడా ఒకటి తియ్యమ్మా" అంటే అప్పటికప్పుడే కిటికీ దగ్గర నిలబెట్టి తీసేది. గురువారాలు నన్ను మెడలో వేసుకుని పలకల వీధులన్నీ తిరిగేది. దుమ్ములో తెల్లబడ్డ కనుబొమ్మలు, వేలు తెగిన చేతులు, పళ్లులేని నవ్వులు ఎన్ని చూశానో. అన్నీ కాగితం మీద వేయించి ఎవరివి వాళ్లకి పంచేది. బాలేని వెలుతురులో తీసింది, వంకరగా తీసింది, కళ్లు మూసుకున్నది కూడా ఇచ్చేది. కొన్ని గోడల మీద దండలతో ఉన్నాయి ఇప్పుడు. మనుషులు తమాషా అయినవాళ్లు. బతికుండగా ఎక్కడో బట్టల అడుగున పెట్టుకున్న ఫొటోని, పోయాక గోడ మీదకి ఎక్కిస్తారు.

పదకొండేళ్లు అలా గడిచాయి. నా రబ్బరు ఉబ్బి ఊడితే జిగురు పెట్టి అంటించింది. షట్టరు ఒకసారి మారింది. వలీ గారు పోయి, ఆ గదిలో ఇప్పుడు చెప్పుల దుకాణం ఉందట. నేను మూడుసార్లకి ఒకసారి పలకడం మొదలుపెట్టాక, సువార్త ఒంగోలు వెళ్లి కొత్త కెమెరా తెచ్చుకుంది. ఎంచుకోవడానికి పావుగంట పట్టిందని చెప్పగా విన్నాను. దాని మీద నాకు అసూయ లేదంటే మీరు నమ్మరు, అందుకని అనను.

మొన్నామధ్య మధ్యాహ్నం భోజనాల వేళ, కొత్తగా చేరిన నర్సు కెజియా ఎక్స్‌రే గదికి వచ్చింది. ఫోనులో కెమెరాల వీడియోలు వరసగా చూపిస్తూ, "ఏది కొనమంటావక్కా? రెండు నెలల్నించి చూస్తూనే ఉన్నా, తేల్చుకోలేకపోతున్నా" అంది.

సువార్త బీరువా తెరిచి నన్ను తీసింది. "కొనడం తర్వాత. ముందు దీంతో ఎవర్నైనా తియ్యి."

"ఇక్కడెవరున్నారు, నువ్వు తప్ప?" అని నవ్వి, కెజియా నా మూత తీసి నన్ను ఆమె వైపు తిప్పింది.

అన్నేళ్లూ ఆ మనిషి కన్ను నా వీపుకే ఆని ఉంది. ఆమె చేతులు తెలుసు, ఊపిరి తెలుసు, భుజం వాలు తెలుసు. మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కిటికీ పక్కన, పాపిట దగ్గర నెరిసి, ముక్కు మీద కళ్లజోడు నొక్కులతో, కొంగు సర్దుకుంటూ సిగ్గుపడుతూ కూర్చుని ఉంది. ఎడమ చెంప మీద చిన్న సొట్ట. అదున్నదని నాకెవరూ చెప్పలేదు.

"నన్నెందుకే!" అంటూనే నవ్వింది.

కెజియా నొక్కింది. నా బలమంతా కూడగట్టుకున్నాను. అద్దం సగం లేచి అక్కడే బిగుసుకుపోయింది. ఇంకోసారి నొక్కింది. ఏమీ లేదు.

"పలకట్లేదక్కా."

"ముసలిదైపోయింది పాపం. పోనీలే" అంది సువార్త.

కెజియా ఫోనుతో రెండు తీసింది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత సువార్త నన్ను తీసుకుని, లెన్సు మీద దుమ్ము ఊది, మూత పెట్టింది.

వేల మొహాలు నాలోంచి వెళ్లాయి. తీసిన ప్రతిదీ కార్డుకి ఇచ్చేసి, వెంటనే మరిచిపోవడమే నా పని. ఈ మొహం ఒక్కటి కార్డులోకి పోలేదు, నా దగ్గరే ఉండిపోయింది. బీరువాలో, మడతపెట్టిన తెల్లకోట్ల పక్కన కూర్చుని, ఆ సొట్ట ఎడమ చెంప మీదే కదా అని రోజూ ఒకసారి చూసుకుంటూ ఉంటాను.