తోడు మన్ను

జామకాయల వాసన ముందు బస్సెక్కేది.

దాని వెనక అమ్మ ఎక్కేది. అమ్మ వెనక నేను.

కండక్టరు గంపను చూసి విసుక్కునేవాడు. అమ్మ ఒక దోరకాయ ఆయన చేతిలో పెట్టేది. ఇంక ఇబ్రహీంపట్నం నుంచి పటమట దాకా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. బస్సంతా జామకాయల వాసన... కిటికీలోంచి లేత ఎండ... అమ్మ భుజం మీద నా నిద్ర.

అమ్మ పేరు కరీమున్నీసా. పటమట రైతుబజారు బయట, గోడ నీడలో కూర్చుని కాయలమ్మేది. ఆ కాయలన్నీ ఒకే తోటవి. రత్తమ్మత్త తోటవి.

అమ్మ ఆమెని వదినా అని పిలిచేది. ఆమె అమ్మని కరీమా అని పిలిచేది. నేను అత్తా అనేదాన్ని. ఈ వరసలెక్కడివని ఎవరూ అడగలేదు.

చిలక కొట్టిన కాయలన్నీ నావి. అత్త వాటిని కొంగులో దాచి ఉంచేది.

"చిలక్కి తెలిసినంత మనకి తెలీదే సబీహా. తిను," అనేది.

తోట గట్టెక్కితే కృష్ణ కనిపించేది. ఇటు పక్క థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. నది అంత దగ్గర — అయినా ఆ మెరకకి కాలువ లేదు. తోటకి బోరే దిక్కు. చెట్లన్నీ కాశీరావు మామయ్య నాటినవి. ఆయన పోయాక అత్తే వాటిని చూసుకుంది.

అమ్మ చనిపోయిన ఏడాది వానలు కూడా మొహం చాటేశాయి.

ఆకులు రాగిరంగుకి తిరిగాయి. పిందెలు గోళీలంత అయ్యి, నల్లబడి, రాలాయి. బోరు రోజుకి అరగంట పోసి ఊరుకునేది. ఆ ఎండాకాలం చివరికి తోటలో పచ్చని కొమ్మ లేదు.

అత్త ఒక్కో చెట్టునీ గోరుతో గీరి చూసిందట. బెరడు కింద పచ్చ కనిపిస్తుందేమోనని.

కనిపించలేదు.

అప్పుడు ఇటుక బట్టీవాళ్లు వచ్చారు. చెట్లెలాగూ లేవు కదా, మన్ను ఇమ్మన్నారు. మనిషిలోతు తవ్వుకుపోతారు. అత్త ఆలోచించి చెప్తానంది. ఆ మాట ఫోన్లో విని, నేను ఉన్నపళంగా బస్సెక్కాను.

అప్పటికి నేను పండ్లతోటల మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగిని. నా పని బూజు పెంచడం.

మంచి బూజు. కుండీల్లో జొన్న మొక్కల వేళ్ల మీద పెంచుతాం. దాన్ని చెట్టు వేరు దగ్గర వేస్తే వేరులోకి దూరుతుంది. అక్కణ్నుంచి బయటికి దారాలు చాపుతుంది — వెంట్రుక కన్నా సన్నని దారాలు. వేరు వెళ్లలేని ఇరుకుల్లోకి వెళ్తుంది. మట్టిరేణువుల మధ్య దాక్కున్న తడిని వెతికి తెస్తుంది. చెట్టు దానికి కాస్త చక్కెర పెడుతుంది. ఒకరికొకరు.

ఇదంతా గట్టు మీద కూర్చుని చెప్పాను. అత్త ఎండిన చెట్ల వైపు చూస్తూ వింది.

"ఊరగాయకి బూజు పడితే జాడీ కడిగేస్తాం. నువ్వు చెట్టుకి బూజు పెడతానంటావు."

"ఇది వేరే బూజు అత్తా."

"మీ అమ్మ ఉంటే ఏమనేది?"

"నిన్నే అడగమనేది."

అత్త నవ్వింది. బట్టీవాళ్లకి వద్దని చెప్పింది.

తొలకరికి, ఎండిన చెట్ల చోట అరవై జామ అంట్లు నాటాం. ఆరు వరసలు. మూడు వరసల గుంతల్లో, బూజు పెంచిన కుండీమన్ను గుప్పెడేసి వేశాను. ఆ మొక్కలకి నీలం రిబ్బన్లు కట్టాను. మిగతా మూడు వరసలకి ఏమీ వేయలేదు.

"వాటికో?" అంది అత్త.

వాటికి వెయ్యకూడదన్నాను. అన్నిటికీ వేస్తే, బూజు వల్ల బతికాయో వాటంతటవే బతికాయో ఎలా తెలుస్తుంది? పోల్చి చూడాలి కదా.

"అవేం చేశాయమ్మా..." అంది.

నేను వినిపించుకోలేదు. ఇవాళ తలుచుకుంటే — వినిపించుకోవాల్సింది.

ఆరు నెలల తరవాత ప్రతి వరస నుంచీ పీచువేళ్లు తీసుకెళ్లాను. కడిగి, ఉడికించి, బూజుకి పట్టే నీలం రంగులో ముంచి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

రిబ్బను కట్టిన వరసల వేళ్లలో నీలి దారాలు. కొమ్మలు కొమ్మలుగా. వేరు లోపల ఇంకో చెట్టు ఉన్నట్టు.

కట్టని వరసల వేళ్లు ఖాళీ.

నాకు అమ్మ గుర్తొచ్చింది. గంప పక్కన కూర్చుని నాతో ఎక్కాలు చదివించిన అమ్మ... ఒక్కసారి ఈ గొట్టంలోకి కన్ను పెట్టి చూస్తే బాగుండు అనిపించింది.

మా పై అధికారి రాజ్యలక్ష్మి గారు చూసి, వచ్చే ఎండాకాలం దాటేదాకా ఇలాగే ఉంచమన్నారు. అప్పుడు పేపరు వేయొచ్చు, నా ఉద్యోగం పొడిగించమని అడగొచ్చు అన్నారు.

ఆ ఎండాకాలం ముందటి దానికంటే కఠినంగా వచ్చింది.

బోరు పూర్తిగా ఆగిపోయింది. అత్త రోడ్డు పక్క కుళాయి నుంచి నీళ్లు మోసింది. మొక్కకి పదిహేను రోజులకో బిందె. అరవై మొక్కలకీ సమానంగా. రిబ్బను లేని వరసలు తలలు వేలాడేశాయి.

అత్త ఫోన్ చేసింది. వాటిక్కూడా నీ మందు కాస్త వెయ్యమంది. కుదరదన్నాను.

మళ్లీ చేసింది. మళ్లీ కుదరదన్నాను.

మూడోసారి చేసినప్పుడు, నాలుగు నెలలు ఓపిక పట్టమని కాస్త గట్టిగానే అన్నాను.

ఆ తరవాత చేయలేదు. అర్థం చేసుకుందనుకున్నాను.

వానలు పడ్డాక వెళ్లాను. ఆరు వరసల్లోనూ చిగుళ్లు. ఆశ్చర్యపోతూనే వేళ్లు తీసుకెళ్లాను.

ఆరు వరసల వేళ్లలోనూ నీలి దారాలు.

చీటీలు తారుమారయ్యాయేమోనని మళ్లీ చూశాను. గాజు పలకలు మార్చి మళ్లీ చూశాను. అవే దారాలు. మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్లాను.

అత్త గట్టు మీద కలుపు పీకుతోంది. నేను అడగకముందే చెప్పింది.

"తోడు వేశానమ్మా."

నీ రిబ్బన్ల మొక్కల మొదట్లోంచి పీచువేళ్లతో సహా దోసెడు మన్ను తీశానంది. రెండో వాటి మొదట్లో పెట్టి కప్పానంది. ఒక్కో సాయంత్రం రెండు మూడు మొక్కలకి. పక్కింటి నుంచి గరిటెడు పెరుగు తెచ్చి పాలల్లో వేస్తే తోడుకోదా — ఇదీ అంతే అనుకున్నానంది.

రిబ్బను లేని మొక్క మొదట్లో వేలితో మన్ను కదిపి చూశాను.

"నా ఉద్యోగం పోతుందత్తా."

అత్త చేతుల మట్టి దులుపుకోలేదు. చేతుల వంకే చూసుకుంది.

"ఒకసారి అన్నీ ఎండిపోతుంటే చూశాను కదమ్మా. రెండోసారి నా వల్ల కాలేదు."

ఆ రోజు అన్నం తినకుండా వచ్చేశాను. అన్నం తినకుండా ఆ తోట నుంచి రావడం నాకదే మొదలు.

రాజ్యలక్ష్మి గారు కోప్పడలేదు. పోల్చడానికి వరసలు లేవు కాబట్టి ఫలితం లేదు, కారణం రాసి ఫైలు మూసేయమన్నారు. నేను రాశాను — రైతు చూస్తూ ఉండలేక అన్ని మొక్కలకీ ఇచ్చింది.

ఆవిడ చదివి, 'చూస్తూ ఉండలేక' అన్న మాటలు కొట్టేశారు.

మార్చిలో నా కాంట్రాక్టు ముగిసింది. ఇప్పుడు పటమటలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతున్నాను. చాలా రోజులు అత్తతో మాట్లాడలేదు. తొలి కాపు రోజు ఆమే ఫోన్ చేసింది. కాయలు తుంపుతున్నాను, రావా — అంది. అంతే అంది.

వెళ్లాను.

అరవైలో నలభై తొమ్మిది బతికాయి. చచ్చిన పదకొండులో రెండు రకాలవీ ఉన్నాయి. మిగతావి బూజు వల్ల బతికాయా, అత్త మోసిన బిందెల వల్ల బతికాయా, పది రోజులు ముందొచ్చిన వాన వల్లా... నాకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

మేం కాయలు తుంపుతుంటే పై మెరక నుంచి పద్మావతమ్మ గారు వచ్చారు. కొత్తగా నిమ్మతోట వేశారట. చేతిలో స్టీలు గిన్నె. అత్త ఆమెకి మన్ను ఇస్తానని చెప్పిందట.

"మీరు చదువుకున్నవారు. ఇది నిజంగా పనిచేస్తుందాండీ?" అని నన్నడిగారు.

అత్త కాయ తుంపడం ఆపింది. నా వైపు చూడలేదు.

"రుజువు చేయలేకపోయానండీ," అన్నాను. "కానీ వేస్తే... అన్ని మొక్కలకీ వేయండి."