విల్డా వదిన చేసిన చెకుముకి తుపాకీ

మా అన్న డెన్జిల్ కిటిల్‌ది చెకుముకి తుపాకీ పిచ్చి. తూటా పెట్టి నొక్కితే పేలే తుపాకీ మా టైగార్ట్ లోయలో ఇంటింటా ఉంటుంది. దాన్ని అతను తుపాకీగా లెక్కపెట్టేవాడే కాదు. గొట్టంలో మందు పోసి, సీసపు గుండు దట్టించి, రాయి ఉక్కుకు రాసుకుని నిప్పురవ్వలు రాలితే తప్ప పేలనిదే అతని దృష్టిలో తుపాకీ. రంపపు మిల్లులో దుంగలు కోసి బతికిన మనిషి. శనివారాలు పాతకాలపు తుపాకీల క్లబ్బు మైదానానికి వెళ్లి ఎవరిదో ఒకటి అడిగి తీసుకుని కాల్చేవాడు. సొంతది కొనుక్కోవచ్చు కదా అని నేనంటే, "కొంటే అది ఇంకొకడి తుపాకీయేరా డోర్సీ. నా ఇంట్లో ఉంటుంది, అంతే" అనేవాడు.

మిల్లు నుంచి రిటైరైన ఏడాది తుపాకీ విడిభాగాల పెట్టె తెప్పించుకున్నాడు. పొడవాటి అట్టపెట్టెలో ఎనిమిది పలకల ఉక్కు గొట్టం, సగం చెక్కిన మేపుల్ కర్ర, రాయిని పట్టుకునే దవడా స్ప్రింగులూ ఉండి తుపాకీని పేల్చే లాకు, పోతపోసిన గరుకు ఇత్తడి ముక్కలు, గుప్పెడు మరలు. "సాయంత్రానికి బిగించేయొచ్చేమో" అన్నాను. అన్న నావైపు జాలిగా చూశాడు. అందులో ఏదీ దేన్లోనూ సరిగ్గా పట్టదు. కర్రను గీకుతూ, ఇత్తడిని అరగదీస్తూ ఒకదానికొకటి ఒప్పించుకోవాలి.

గొట్టాన్ని కర్రలో కూర్చోబెట్టడం అయిందో లేదో, పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. కుడి కాలు ఈడుస్తూ నడవగలిగాడు. మాట వచ్చింది కాని, ఒకటి అనబోతే ఇంకొకటి వచ్చేది. ఉప్పు కావలిస్తే "కిటికీ" అనేవాడు. "ఆపు" అనాల్సిన చోటల్లా "మంగళవారం" అనేవాడు. నోట్లోంచి తప్పు మాట వచ్చిందని అతనికి వెంటనే తెలిసేది. అదే అతని నరకం. మెల్లగా మాట్లాడటమే మానేసి, వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు వంక చూస్తూ కూచోవడం మొదలుపెట్టాడు.

మంచు కరిగాక ఒకరోజు క్లబ్బు నుంచి గేలార్డ్ స్వెకర్ వచ్చాడు. మంచివాడే, కాని నోరు ఆగదు. ఆ పెట్టె అలా పడుంటే తుప్పు పడుతుందనీ, తాను తీసుకుంటాననీ అడిగాడు. అన్న కళ్లెత్తకుండానే సరేనన్నట్టు తల ఊపాడు. లోపల రొట్టెల పిండి కలుపుతున్న వదిన చేతులు తుడుచుకోకుండానే బయటికొచ్చింది.

"అది అమ్మకానికి లేదు గేలార్డ్."

"మరి ఏం చేస్తావు విల్డా? చిక్కుడు తీగలకి పందిరి వేస్తావా?"

"తుపాకీ చేస్తాను."

గేలార్డ్ ఆవిడ చేతుల వంక చూశాడు. "అమ్మా తల్లీ, అది రొట్టెల పిండి కాదు. ఎక్కువ నొక్కితే మళ్లీ ముద్ద చేసుకోవడానికి ఉండదు."

"నా రొట్టె తిని నువ్వు ఎప్పుడైనా వంక పెట్టావా?"

"దాన్ని తినడానికి నీ దగ్గరికి వస్తా. దీన్ని పేల్చేటప్పుడు మాత్రం పక్క ఊళ్లో ఉంటా."

అప్పుడు అన్న నవ్వాడు. నోరు ఒకవైపే సాగింది కాని, నవ్వే. జబ్బు చేశాక అదే మొదటిసారి. వదిన చటుక్కున అటు తిరిగింది. "నవ్వుతున్నావా? బాగుంది. రేపు పొద్దున్నే షెడ్డులోకి రా. నువ్వు చెప్పు, నేను చేస్తాను. అక్కడ కూచుని నవ్వుదువుగాని."

వదిన అంతవరకు ఆకురాయి పట్టిన మనిషి కాదు. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది, తోట పెంచింది, ముగ్గురు ఆడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. మర్నాడు అన్న వాడే తోలు ఏప్రాన్ కట్టుకుని బల్ల ముందు నిలబడింది. అది ఆవిడకి చీలమండల దాకా వచ్చింది. అన్న పక్కన కుర్చీలో, ఎడమ చేతిలో చేతికర్ర.

మొదటి పని లాకును కర్రలో దించడం. లాకు వెనక దీపం మసి పూసి, కర్ర మీద అదిమి, తీసి చూడాలి. నల్లగా అంటిన చోట కర్ర అడ్డొస్తోందని అర్థం. అక్కడ మాత్రమే ఉలితో ఉల్లిపొరంత గీకాలి. మళ్లీ మసి, మళ్లీ అదమడం, మళ్లీ గీకడం. ఒక్కసారి ఎక్కువ గీకితే సందు పడిపోతుంది. ఆ సందులో మందు మసి చేరి కర్రను తినేస్తుంది. నేను పాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఇద్దరూ అదే పనిలో ఉండేవారు. వదిన ముక్కు మీద మసి, నుదుటి మీద మసి.

"ఏం వదినా, బొగ్గు గనిలో చేరావా?"

"నోరు మూసుకుని దీపం ఎత్తి పట్టుకో మరిదీ. ఇదిగో, ఈ మూల చూడు. వెంట్రుక పడుతుందా?"

పట్టలేదు. నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

"మంగళవారం" అన్నాడు అన్న వెనకనుంచి.

"చూశావా, ఇక ముట్టుకోవద్దంటున్నాడు" అని వదిన ఉలి కింద పెట్టింది. అప్పటికి ఆవిడకి అతని భాష మొత్తం వచ్చేసింది. "కిటికీ" అంటే ఉప్పుకాగితం. "చర్చి" అంటే చిన్న ఉలి. అతను తప్పు మాట అన్నా ఎదురుగా ఉన్న మనిషి సరైన వస్తువే అందించడంతో, అన్నకి మాట్లాడాలంటే ఉన్న భయం పోయింది. వసంతం ముగిసేసరికి తిట్లు కూడా మొదలుపెట్టాడు. అవి మాత్రం ఒక్కటీ తప్పు పోయేది కాదు.

తుపాకీ కర్ర చేతిపట్టు దగ్గర లావుగా ఉండి, గొట్టం కొసకి వచ్చేసరికి గుడ్డు పెంకంత పలచబడుతుంది. గొట్టం లోపల ఉన్నంతసేపూ దానికి బలం. ఒక మధ్యాహ్నం వదిన గొట్టం తీసి పక్కన పెట్టి, ఆ కొసను నున్నగా రుద్దుతోంది. అన్న "మంగళవారం, మంగళవారం" అని చేతికర్రతో నేల కొడుతున్నాడు.

"ఉండవయ్యా, ఇంకాస్తే ఉంది" అంది వదిన, వెనక్కి చూడకుండానే.

టప్‌మని విరిగింది. జానెడు ముక్క ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

అన్న ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదని తర్వాత వదిన నాతో చెప్పింది. ఆవిడ ముక్కను బల్ల మీద పెట్టి, ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి, తోటలోకి వెళ్లి ఉల్లి మడుల్లో కలుపు పీకుతూ చీకటిపడేదాకా ఉండిపోయింది. మర్నాడూ షెడ్డులోకి వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు.

ఆ వారాంతంలో నేను వెళ్లేసరికి వరండాలో అన్న లేడు. షెడ్డు తలుపు తీసుంది. లోపల నేల మీద కూచున్నాడు. కర్రను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. విరుపుకి జిగురు పూసి ముక్కను అతికించి, దాని చుట్టూ పురికొస తిప్పాడు. కొస ఒక చివర పళ్ల మధ్య, రెండో చివర ఎడమ చేతిలో. గడ్డం మీదా చొక్కా మీదా జిగురు. అంతా చేశాడు కాని, ముడి ఒక్కటీ వేయలేకపోతున్నాడు. వదిలితే ఊడిపోతుంది. ఎంతసేపటినుంచి అలా పట్టుకుని ఉన్నాడో, మెడ నరాలు తేలాయి.

నేను పరుగెత్తి కొస అందుకోబోయాను. తల అడ్డంగా ఊపాడు. పళ్ల సందుల్లోంచి, "విల్డా" అన్నాడు.

ఆ పేరు అతని నోట సరిగ్గా వచ్చి అప్పటికి చాలా నెలలైంది. నేను తోటలోకి వెళ్లి చెప్పాను. వదిన మట్టి చేతులతో వచ్చింది, అతని ఎదురుగా మోకాళ్ల మీద కూచుంది, కొస అందుకుని గట్టిగా ముడి వేసింది. "గడ్డం నిండా జిగురు పూసుకున్నావు. ఇప్పుడు నిన్ను కూడా ఉప్పుకాగితంతో రుద్దాలి" అంది. నేను పాల డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాను.

అతుకు ఆరాక దాని మీద సన్నటి ఇత్తడి పట్టీ వేశారు. తర్వాత కర్రకి రంగు. ఇనుము కరిగించిన ఆమ్లం పూస్తే కర్ర ముందు జబ్బుచేసినట్టు పాలిపోయింది. వదిన మొహం కూడా అలాగే అయింది. అన్న ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ వైపు చేయి చూపించాడు. ఆ వేడి దగ్గరగా పోనిస్తూ వస్తే, పాలిపోయిన కర్రలోంచి ఎర్రటి గోధుమరంగు పైకి లేచింది. అందులో ఈ చివర నుంచి ఆ చివరిదాకా పులిచారలు. వెలుతురులో కర్ర తిప్పినప్పుడల్లా చారలు కదిలాయి. అవిసె నూనె పట్టించాక అది నిన్న మొన్న చేసిన వస్తువులా లేదు. మా తాతల తాతలు ఈ కొండలెక్కినప్పుడు భుజాన వేసుకొచ్చినట్టు ఉంది.

కొత్త తుపాకీని మొదటిసారి ఎవరూ భుజానికి ఆనించి పేల్చరు. ఆకులు రాలే కాలంలో క్లబ్బు మైదానంలో దాన్ని పాత టైరుకి కట్టి, మందు దట్టించి, మీటకి పొడుగాటి తాడు కట్టారు. అందరం ఓక్ చెట్టు వెనక నిలబడ్డాం. గేలార్డ్ పక్క ఊళ్లో లేడు, మా పక్కనే ఉన్నాడు. వదిన తాడు తెచ్చి అన్న ఎడమ చేతికి చుట్టింది.

అన్న లాగాడు. రాయి పడింది, రవ్వలు రాలాయి, గొట్టం పక్కనున్న చిన్న చిప్పలో మందు భుస్సుమంది. గొట్టంలోని మందు మాత్రం అంటుకోలేదు.

"అయ్యో విల్డా" అన్నాడు గేలార్డ్. వెక్కిరింపుగా కాదు, నిజంగానే.

ఆలస్యంగా పేలుతుందేమోనని వదిన కొంతసేపు ఆగి, చెట్టు వెనకనుంచి వెళ్లి, తలలోంచి పిన్ను తీసి చిప్పలోంచి గొట్టంలోకి నిప్పు వెళ్లే సన్నటి రంధ్రంలో పొడిచింది. పిన్ను కొసకి నూనె జిడ్డు వచ్చింది. తుడిచి, చిప్పలో కొత్త మందు పోసి, మళ్లీ మా దగ్గరకొచ్చింది. "ఊఁ, ఇప్పుడు లాగు."

ఈసారి కొండ మారుమోగింది. తెల్లటి పొగ టైరునీ, గడ్డినీ, మమ్మల్నీ కప్పేసింది. పొగలోంచి అన్న గొంతు వినబడింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. రెండూ అనుకుంటాను.

గేలార్డ్ తుపాకీ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. లాకు అంచు వెంబడి గోరు పెట్టి రాశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. పట్టీ దగ్గర ఆగి, "ఇదేమిటి, అలంకారమా?" అన్నాడు.

"అక్కడ విరిచాను" అంది వదిన.

అతను టోపీ తీశాడు. "నా తుపాకీ లాకు వదులైంది విల్డా. తీరిక ఉన్నప్పుడు ఓసారి చూస్తావా?"

ఆరోజు క్లబ్బులో జరిగిన గురి పోటీలో వదిన కాల్చిన మొదటి గుండు ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. తర్వాతవి గురి పలక అంచున తగిలాయి. పంది మాంసం బహుమతి గేలార్డే పట్టుకుపోయాడు. ఇంటికొస్తూ ట్రక్కులో వదిన, "కుడివైపు లాకు ఉన్నదాన్ని ఎడమ భుజం మీద పెడితే మంట నీ మొహం మీదికే వస్తుంది. నీకిది పనికిరాదు" అంది. అన్న కిటికీ వైపు తిరిగాడు. "అందుకని ఎడమవైపు లాకుతో ఇంకో పెట్టె తెప్పిస్తున్నాను. ఈసారి నువ్వు ఆపమంటే ఆపుతాను."

చలికాలమంతా షెడ్డులో పొయ్యి వెలిగింది. మళ్లీ వసంతంలో అన్న ఇసుక సంచి మీద కొత్త తుపాకీ ఆనించి, ఎడమ భుజానికి చేర్చుకుని, ఎడమ వేలితో మీట నొక్కాడు. మందు పోసిందీ, గుండు దట్టించిందీ వదిన. పొగ విడిపోయాక చూస్తే పలకలో నల్ల చుక్కకి బెత్తెడు పైన చిల్లు. వదిన కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుని చూసి, "పైకి పోయింది" అంది.

"తుపాకీ వంకరగా చేశావు" అన్నాడు అన్న. మాటలు నిదానంగా వచ్చాయి కాని, అన్నీ అనుకున్నవే వచ్చాయి.

"నీ కన్నే వంకర" అంటూ వదిన రెండో గుండు అందుకుంది.